హిదర్, దిదర్, విదర్

పాత ఇంగ్లీషు పుస్తకాల్లో హిదర్, దిదర్, విదర్ అనే మాటలు తగులుతుంటాయి. హెన్స్, దెన్స్, వెన్స్ వాటి తోబుట్టువులే. విడివిడిగా చదివితే కాలం చెల్లిన ఆడంబరంలా ఉంటాయి గానీ, హియర్, దేర్, వేర్ పక్కన పేర్చి చూడండి, పనితనం బయటపడుతుంది. మొదటి ధ్వని 'హ' అయితే దగ్గర, 'ద' అయితే దూరం, 'వ' అయితే ప్రశ్న. ఉన్న చోటా, వెళ్లే దిక్కా, బయల్దేరిన తావా అన్నది మాట చివర తేలుతుంది. మొత్తం తొమ్మిది మాటలు. ఒక్కటీ వృథా కాదు.

ఇటు, అటు, ఎటు అనే మనకు ఈ కూర్పు వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ, ఇంత, ఇప్పుడు అంటూ మన వరసలు ఇంకా నిండుగా సాగుతాయి. ఇంగ్లీషులో దెన్, వెన్ ఉన్నాయి, వాటి సరసన 'హ' మాట ఉండాల్సిన చోట నౌ వచ్చి కూర్చుంది. అయితే 'ఇక్కణ్ణుంచి' అనడానికి మనం 'నుంచి' తగిలించాలి, హెన్స్‌లో అది లోపలే ఇమిడిపోయింది.

ఆ హెన్స్ తయారైన తీరు నాకు అన్నిటికన్నా ముచ్చటేస్తుంది. వెయ్యేళ్ల కిందటి దాని రూపం హెయొనన్. చివర 'స్' లేదు. షష్ఠీ విభక్తిలోంచి పుట్టి క్రియావిశేషణాలకు అంటుకునే 'స్' ఒకటి తర్వాత దీనికీ అంటుకుని హెన్నెస్ అయింది. వన్స్, ట్వైస్ చివర ఉన్నదీ అదే. దాన్ని 'ఎస్' అక్షరంతోనే వదిలేసి ఉంటే, రాతలో కోడిపెట్టలకూ దీనికీ తేడా ఉండేది కాదు! 'సీ, ఈ' అని రాయడంతో ఆ గొడవ తప్పింది, 'స్' గట్టిగానే నిలిచింది.

విదర్ మొదట్లోని 'వ' ఒకప్పుడు 'హ్వ'. లాటిన్ ప్రశ్నపదాల 'క్వ', సంస్కృతం 'కుత్ర'లోని 'క' దాని దూరపు బంధువులు. హిదర్ నడుమ ధ్వని మొదట 'డ'. ఫాదర్, మదర్‌లలో లాగే 'ర' పక్కన మెత్తబడింది.

వెన్స్ అంటేనే 'ఎక్కణ్ణుంచి'. అయినా దాని ముందు ఫ్రమ్ చేర్చి చెప్పడం పాత అలవాటు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో, 121వ కీర్తనలో అలాగే ఉంది. శామ్యూల్ జాన్సన్ మాత్రం తన 1755 నిఘంటువులో దాన్ని చెడ్డ వాడుకగా తేల్చేశాడు. లెక్కకు జాన్సన్‌దే ఒప్పు. చెవికి మాత్రం కీర్తనే బాగుంది.