ఊ కొట్టేవాడు, కాదనేవాడు

విజయనగరంలో రాయపూర్ వైపు రైలెక్కితే బొబ్బిలి, పార్వతీపురం దాటి రాయగడ కొండల్లోకి వెళ్తాం. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు భిలాయికి వలస పోయిన దారి ఇదే. భిలాయిలో ఉక్కు కర్మాగారం కట్టడానికి 1955 ఫిబ్రవరిలో సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత సెక్టార్ల క్వార్టర్లలో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. ఈ రైలుదారికి ఇటు చివర, పార్వతీపురం పక్కనే పెదబొండపల్లి ఉంది. అది పాటగాడు వంగపండు ప్రసాదరావు ఊరు. అటు చివర, దుర్గ్ దాటాక రాజనాందగావ్. అక్కడ ఖుమాన్‌లాల్ సావ్ పాఠాలు చెప్పి హార్మోనియం వాయించారు. వంగపండు విశాఖ షిప్‌యార్డులో ఉద్యోగి, సావ్ బడిపంతులు. జీతం ఒకచోట, పాట ఒకచోట. ఇద్దరూ చేసినన్ని బాణీలు సంగీతమే బతుకుదెరువైన చాలామంది చేయలేదు.

జీతం కోసం కాకపోతే మరెందుకు పాట కట్టడం? ఈ ప్రశ్న ఏ పాటగాణ్ణి అడిగినా వచ్చే జవాబులు తెలిసినవే. తృప్తి కోసమనో, ఉండబట్టలేకనో, నలుగురి కోసమనో అంటారు. అబద్ధాలని అనను కానీ వాటితో విమర్శకుడికి పెద్దగా పని జరగదు. కొత్త బాణీ కుదరగానే దాన్ని ముందు ఎవరికి వినిపిస్తారు, వాళ్లు మొహం చిట్లిస్తే ఏం చేస్తారు? ఇది తెలిస్తే పాట అలా ఎందుకు తయారైందో సగం తెలిసినట్టే.

సావ్ బాణీని ముందుగా విన్నది బఘేరా. దుర్గ్‌ను ఆనుకుని ఉన్న ఊరు అది. అక్కడి భూస్వామి దావూ రామచంద్ర దేశ్‌ముఖ్ 1950లోనే పల్లెకళల కోసం ఒక మండలి పెట్టారు. తర్వాత ఊరూరా తిరిగి గాయకుల్ని, వాద్యకారుల్ని, నటుల్ని ఏరి తెచ్చి తన ఇంట కూర్చోబెట్టారు. 1971 నవంబరు 7న బఘేరాలో మొదటిసారి ఆడిన 'చందైనీ గోందా' అలా తయారైంది. ఒక ఛత్తీస్‌గఢీ రైతు బతుకును పాటల మీదుగా నడిపించిన ప్రదర్శన అది. సంగీతం సావ్‌ది. పాటలు రాసినవాళ్లలో ముఖ్యుడు లక్ష్మణ్ మస్తూరియా. ఆయనా ఉపాధ్యాయుడే.

ఇక్కడ విమర్శ అంతా రిహార్సల్లోనే జరిగిపోతుంది. బాణీ కట్టేవాడు, మాట రాసేవాడు, ఆడించేవాడు, ముగ్గురూ ఒకే పైకప్పు కింద ఉన్నారు. మాట పొడవైతే రాసినవాడు కుదించాలి. రాగం సాగితే కట్టినవాడు తగ్గించాలి. రెండూ బాగుండి కథ ఆగిపోతే దావూ ఒప్పుకోరు. ఇంత వడపోత అయ్యాకే పాట జనం ముందుకు వస్తుంది. సావ్ బాణీల్లో కనిపించే నునుపు ఇక్కణ్ణుంచే వచ్చిందని నా అనుమానం. పొలంలో పాడే దదరియా రెండు పాదాల పాట. ఒకరు అంటే అవతలి గట్టు నుంచి మరొకరు అందుకుంటారు. మధ్యలో ఎంతసేపైనా ఆగొచ్చు, కొడవలి ఆడినంతసేపు. వేదిక మీద ఆ ఆగడం కుదరదు. ఆ ఖాళీని వాద్యంతో నింపాలి. సావ్ నింపారు, పొలం పాట ఒంపు పోకుండా నింపారు. ఆయన గొప్పతనం అక్కడే ఉంది.

పోయినదీ ఉంది. దీపావళి ముందు ఆడవాళ్లు మట్టి చిలకను మధ్యలో పెట్టి, చుట్టూ వంగి చప్పట్లు కొడుతూ పాడే సువా పాటకు చప్పట్లు తప్ప వాద్యం లేదు. ఇలాంటి పాటకు హార్మోనియం తోడిస్తే గొంతు మెట్ల మధ్య జారడం మానేసి మెట్టు మీదే నిలబడుతుంది. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని బయటికి నెట్టినప్పుడు చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. ఆ నిషేధం కొంత సడలింది 1971లో, చందైనీ గోందా పుట్టిన ఏడాదే. తమాషా ఏమిటంటే, ఈ ప్రాంతపు జానపద నాటకం నాచాలో హార్మోనియం అప్పటికే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎవరూ దాన్ని కదపలేదు. బఘేరా రిహార్సల్లో హార్మోనియాన్నే ప్రశ్నించేవాళ్లు ఉండి ఉంటే సావ్ ఏం చేసేవారో చూడాలనిపిస్తుంది.

వంగపండు దారి దీనికి తిరగేసి. 1972లో గద్దర్ తదితరులతో కలిసి జననాట్యమండలి నిలబెట్టినవాళ్లలో ఆయనొకరు. ఉత్తరాంధ్ర జముకుల కథ దరువు, కళింగాంధ్ర మాట, కాలికి గజ్జె, ఇవే ఆయన ముడిసరుకు. ఆయన పల్లవి ఒక్కసారి వింటే నోటికి వచ్చేంత చిన్నది. చరణం మాత్రం సాగుతుంది. యంత్రం ఎలా నడుస్తుందని అడుగుతూ సాగే ఆయన పాటనే తీసుకోండి. షిప్‌యార్డులో పనిచేసినవాడి పాట అని ఎవరూ చెప్పక్కర్లేదు. యంత్రాన్ని వర్ణించే కవులు దాన్ని రాక్షసిగానో దేవతగానో చూస్తారు. వంగపండు దాన్ని పనిముట్టుగా చూశారు, దాని వెనకున్న చేతుల్ని లెక్కపెట్టారు. దరువు కూడా పనికి లోబడే ఉంటుంది. ఊపిరి తీసుకోవాల్సిన చోటే పాదం విరుగుతుంది.

ఇలాంటి పాటకు రిహార్సల్ గది లేదు. మైదానంలో పాడతాడు, జనం పల్లవి అందుకుంటారు లేదా అందుకోరు. అందుకోకపోతే పాట ఓడిపోయినట్టు. మరో ఊళ్లో మరోలా పాడతాడు. తీర్పు అప్పటికప్పుడు వస్తుంది, మొహమాటం లేదు. కానీ అది ఒక్క ముక్కలోనే వస్తుంది. పదివేల మంది కలిసి "నాలుగో చరణం బలహీనంగా ఉంది" అని చెప్పలేరు. చప్పట్లు పల్లవి సంగతే చెబుతాయి, చరణాల గురించి నోరు మెదపవు. ఆ తరం ఉద్యమగీతాల్లో పల్లవులు బంగారంలా ఉండి చరణాలు ఒకదానికొకటి నకళ్లలా ఎందుకుంటాయో ఇది కొంత చెబుతుంది. వంగపండు మంచి పాటలు ఆ గుంపులోవి కావు. కానీ ఆయన పాటలన్నీ అంత మంచివి అనడం అభిమానమే తప్ప విమర్శ కాదు.

భిలాయి పక్షాన వంగపండుకు వరసైనవాడు నిజానికి సావ్ కాదు, దల్లీ రాజహరాలోని ఫాగూరామ్ యాదవ్. భిలాయి కొలుములకు ఇనప రాయి పంపే గనులు అక్కడున్నాయి. 1977లో శంకర్ గుహా నియోగి నాయకత్వాన గని కార్మికుల సంఘం లేచింది. 'నవా అంజోర్' అనే సాంస్కృతిక దళం కూడా దాంతోనే ఏర్పడింది. గని పనివాడైన ఫాగూరామ్ ఆ ఉద్యమానికి పాటగాడయ్యాడు. గనుల్లోకి పెద్ద యంత్రాలు దింపి మనుషుల్ని బయటికి పంపే పథకాన్ని ఆ సంఘం ఏళ్ల తరబడి ఎదిరించింది. విశాఖ రేవులో యంత్రాన్ని ఎవరు నడుపుతున్నారని పాట అడిగితే, దల్లీ కొండ మీద ఆ యంత్రం ఎవరి చోటు లాక్కుంటుందని అడిగింది. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున నియోగిని భిలాయిలో నిద్రలో కాల్చి చంపారు. ఆ తర్వాత అక్కడి పాటల మీద సాక్ష్యం చెప్పే బాధ్యత కూడా పడింది. అలాంటి పాటను పట్టుకుని బాణీ కుదిరిందా అని అడగడానికి నాకే నోరు రాదు. అక్కడ విమర్శకుడు పక్కకు తప్పుకోవాలి.

సావ్ పద్ధతిలో విమర్శ వేదిక ఎక్కకముందే అయిపోతుంది, వంగపండు పద్ధతిలో పాట జనం ముందుకు వెళ్లాకే మొదలవుతుంది. పాట నడుస్తుండగా, నడి మధ్యలో, అందరూ వింటుండగా నిలదీసే మనిషి ఉంటే ఎలా ఉంటుంది? అలాంటి మనిషి ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉన్నాడు, మన దగ్గరా ఉన్నాడు.

తీజన్ బాయి భిలాయి దగ్గరి గనియారీలో పుట్టారు. తాత బ్రిజ్‌లాల్ పార్ధీ చదివే ఛత్తీస్‌గఢీ భారతం విని నేర్చుకున్నారు. ఆడవాళ్లు ఆ భారత కథాగానాన్ని, అంటే పండవానీని, కూర్చునే చెప్పాలన్న రోజుల్లో లేచి నిలబడి కాపాలిక శైలిలో చెప్పారు. కులం వెలివేసింది. పదమూడేళ్ల వయసులో చంద్రఖురీలో చేసిన తొలి ప్రదర్శనకు పది రూపాయలు ఇచ్చారని ఆమే చెబుతారు. తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం, 2019లో పద్మవిభూషణ్. ఆమె చేతిలోని తంబూరా ఒక క్షణం భీముడి గద, మరో క్షణం అర్జునుడి విల్లు. అందరూ రాసేది దీని గురించే. నా చూపు మాత్రం ఆమె పక్కన కూర్చున్న రాగీ మీదకి పోతుంది. ప్రతి పాదానికీ ఊ కొడతాడు, చివరి మాట అందుకుంటాడు. కథ గంభీరంగా పోతుంటే "అయితే ఇప్పుడేం చేస్తాడూ?" అన్న ధోరణిలో అడ్డం పడతాడు. ఆమె ఆగి అతని వైపు తిరిగి జవాబు చెబుతుంది. ఆ జవాబు అప్పటికప్పుడు పుట్టిందా, వందసార్లు చెప్పిందా అన్నది చూసేవాడికి తెలియదు.

మన బుర్రకథలో ఈ పని ఇద్దరికి పంచారు. కథకుడి భుజాన తంబూరా, వేళ్లకు అందెలు. చెరో పక్కన డక్కీతో ఇద్దరు వంతలు. ఒకడు రాజకీయం, ఒకడు హాస్యం. తందాన అని అందుకోవడం ఇద్దరికీ ఉంది. ఆపైన మాత్రం పనులు వేరు. రాజకీయపు వంత కథను ఈ రోజుకు ముడిపెడతాడు. హాస్యపు వంత కథకుణ్ణే వేళాకోళం చేస్తాడు. షేక్ నాజర్ 'పల్నాటి యుద్ధం' చెప్పేటప్పుడు వీరావేశం గొంతు పట్టేసే చోట హాస్యం దూరుతుంది. అది జనం నవ్వడానికే అనుకుంటాం. కానీ రసం మరీ ముదిరి పాకం మాడిపోకుండా దించడం కూడా ఆ వంత పనే. రాగీ అంతదూరం పోడు. అతని ప్రశ్న కథను ముందుకు తోస్తుంది, వంత ప్రశ్న కథను వెనక్కి లాగి చూపిస్తుంది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ రెండు రూపాల స్వభావం దీంట్లోనే ఉంది. పండవానీలో కథకురాలే సర్వం. బుర్రకథలో కథకుడికి కాదనేవాడు పక్కనే నిలబడి ఉంటాడు. 1940లలో నిజాం ప్రభుత్వమూ మద్రాసు ప్రభుత్వమూ బుర్రకథను నిషేధించడంలో ఆశ్చర్యం లేదు.

వంత అడిగే ప్రశ్న కూడా ముందుగా సిద్ధం చేసుకున్నదే కదా అనొచ్చు. నిజమే, అసలు ధైర్యం ఉన్న విమర్శ కాదది. అయినా పాట కట్టేటప్పుడే "ఇక్కడ ఒకడు అడ్డం వస్తాడు" అని చోటు వదిలి కట్టడం వేరు, అడ్డమే రారనుకుని కట్టడం వేరు. మొదటిదాంట్లో ఊపిరి ఆడుతుంది.

ఇప్పుడు భిలాయి సెక్టార్లలో సాయంత్రం పూట కీబోర్డు ముందు కూర్చునే కుర్రాళ్ల సంగతి. ఉక్కు కర్మాగారం జరిపే లోక కళా మహోత్సవం చూసి పెరిగినవాళ్లు వీళ్లు. చెవిలో ఛత్తీస్‌గఢీ దరువు ఉంది, ఇంట్లో అమ్మమ్మ పాడిన తెలుగు ఉంది, ఫోన్లో సినిమా ఉంది. పాట కట్టి నలుగురు స్నేహితులకు పంపితే వచ్చే జవాబు "సూపర్ అన్నా". ఆకాశవాణి ఆడిషన్‌కు వెళ్తే ఒక గ్రేడు వస్తుంది, బీ అనో బీ హై అనో. రెండూ తీర్పులే, ఒక్కటీ దిద్దుబాటు కాదు. ఎనిమిదో మాత్ర దగ్గర గొంతు ఎందుకు తడబడిందో గ్రేడు చెప్పదు.

తెలుగులో పాట కట్టే భిలాయి కుర్రాడికి ఇంకో చిక్కుంది. బాణీ వినగలిగిన స్నేహితుడికి తెలుగు రాదు, తెలుగు వచ్చిన పెద్దాయనకు కీబోర్డు చప్పుడు పడదు. తాళం నింపడానికి 'కల' అన్న మాటలో మొదటి అక్షరాన్ని సాగదీశాడనుకోండి. అది 'కాల' అయి కూర్చుంటుంది. హిందీ స్నేహితుడు ఆ సాగదీత అందంగా ఉందంటాడు. నిజంగానే అందంగా ఉంటుంది, అదే చిక్కు. మస్తూరియా పక్కన ఉంటే సావ్‌ని అక్కడే ఆపేవాడు. హాస్యపు వంత అయితే "ఏ కాలం బాబూ?" అని అందరి ముందూ అడిగేవాడు. వంగపండుకు ఈ బాధే లేదు, ఆయన బాణీ మాటలోంచే పుట్టింది కాబట్టి.

దేశ్‌ముఖ్ కొన్నేళ్లకు చందైనీ గోందా నుంచి తప్పుకున్నారు. సావ్ అదే పేరుతో ప్రదర్శనలు చాలా కాలం నడిపారు. 2015కు సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. 2019 జూన్ 9న పోయారు. వంగపండు మరుసటి ఏడాది ఆగస్టు 4న. సావ్ పాట ఇవాళ ఎవరు పాడినా ఆయన కట్టిన స్వరం మీదే పాడతారు. రేడియో, రికార్డులు దాన్ని కదలనివ్వలేదు. వంగపండు పాట పార్వతీపురంలో ఒకలా, విశాఖలో ఒకలా వినిపిస్తుంది. రెండో రకమే నాకు నచ్చుతుంది. కానీ కుర్రాడు బాణీ కట్టడం నేర్చుకుంటానంటే ముందు సావ్ పాటలే వినమంటాను. తర్వాత సెక్టార్‌లో తెలుగు బాగా వచ్చి, మొహమాటం లేని మనిషి ఒకరుంటే, బామ్మ గారైనా సరే, ఆమెకు వినిపించమంటాను, కీబోర్డు పక్కన పెట్టి, ఒట్టి గొంతుతో.