రెండు డిసెంబర్లు, ఒకే మందుల పెట్టె

విపత్తు సహాయానికి వెళ్ళే డాక్టర్ల బృందాల ప్రస్తావన వస్తే చాలు, చెన్నైలో 2004 సునామీనీ 2015 వరదనీ ఒకే గాటన కట్టేస్తారు. రెండూ నీళ్ళే, రెండూ డిసెంబరే, రెండుసార్లూ జనం పిలవకుండానే కదిలారు. వైద్యం వైపు నుంచి చూస్తే మాత్రం ఒకదానితో ఒకదానికి పొంతన లేదు. పొంతన ఉన్నదల్లా మనం మోసుకెళ్ళిన మందుల పెట్టెకే. అదే పారాసెటమాల్, అదే దూది, అదే ధనుర్వాతం ఇంజెక్షన్.

2004 డిసెంబర్ 26 ఆదివారం పొద్దున, సుమత్రా దగ్గర భూమి కంపించిన రెండు మూడు గంటలకు అల చెన్నై తీరాన్ని తాకింది. మెరీనా, పట్టినపాక్కం పక్కన శ్రీనివాసపురం, ఉత్తరాన కాశిమేడు. నగరంలో చనిపోయినవాళ్ళు రెండొందల పైచిలుకు. నాగపట్నం జిల్లాలో ఆరు వేలు దాటారు. మన కోస్తాలోనూ వందకు పైగా ప్రాణాలు పోయాయి. అయితే భూకంపం గాయపరిచినట్టు సునామీ గాయపరచదు. అందినవాళ్ళను ముంచేస్తుంది, అందనివాళ్ళను చాలావరకు ఒళ్ళు గీరుకుపోయిన స్థితిలో వదిలేస్తుంది. కుట్లు వేసే సరంజామాతో, పిండికట్ల సామానుతో ఈస్ట్ కోస్ట్ రోడ్డెక్కిన వ్యాన్లకు అక్కడ తగినంత పని దొరకలేదు. కొన్ని జాలరి కుప్పాల్లో ఒకే రోజు రెండు మూడు బృందాలు దిగేవి. ఒకే పిల్లవాడి మోకాలికి ఇద్దరు డాక్టర్లు కట్టు కట్టడం ఆ రోజుల్లో వింతేమీ కాదు.

మరి అంటురోగాల భయం ఎక్కడిది? రోగాలు అల చంపినంత మందినీ చంపొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధికారే ఆ వారంలో హెచ్చరించారు. శవాల వల్ల కలరా వస్తుందన్న నమ్మకం మనకు కొత్తది కాదు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చి పది వేల మందిదాకా పోయినప్పుడూ ఇదే మాట ఊరూరా తిరిగింది. నీట మునిగి పోయినవాళ్ళు అప్పటిదాకా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే. వాళ్ళ శరీరాల్లో లేని కలరా చనిపోయాక పుట్టుకురాదు. రోగం వచ్చేది బతికున్నవాళ్ళు తాగే నీళ్ళ నుంచి, వాళ్ళు కిక్కిరిసి ఉండే శిబిరాల నుంచి. అందుకే ఆ పెట్టెల్లోకెల్లా బాగా పనికొచ్చినవి క్లోరిన్ బిళ్ళలూ తట్టు టీకాలూ. టీకాలు వేసినా కడలూరు వైపు తట్టు కొంత తలెత్తింది. జనం భయపడ్డ పెద్ద మహమ్మారి మాత్రం తమిళనాట రాలేదు.

వచ్చింది వేరే. కడలూరులో ఆక్స్‌ఫామ్ చూపిన లెక్కలో చనిపోయిన ఆడవాళ్ళు 391, మగవాళ్ళు 146. మగవాళ్ళు కొందరు పడవల మీద లోతు నీళ్ళలో ఉన్నారు, అక్కడ అల తెలియను కూడా తెలియదు. ఆడవాళ్ళు ఒడ్డున చేపల కోసం కాచుకుని ఉన్నారు, లేదా ఇంట్లో పిల్లల దగ్గర ఉన్నారు. అంటే చాలా గుడిసెల్లో మిగిలింది భార్య పోయిన మొగుడు, తల్లి లేని పిల్లలు. సముద్రం వైపు చూడటానికే జంకే జాలరికి ఏ బిళ్ళ ఇస్తాం? బెంగళూరు నిమ్‌హాన్స్, చెన్నైలోని స్కార్ఫ్ లాంటి మానసిక ఆరోగ్య సంస్థలు దీనికి పూనుకున్నాయి. ఊరి టీచర్లకూ అంగన్‌వాడీ వాళ్ళకూ తర్ఫీదిచ్చి, నెలల తరబడి మనుషులతో మాట్లాడించాయి. సునామీ వైద్యంలో నేను ఎక్కువ మార్కులు వేసేది దీనికే. దీనికి స్టెతస్కోపు అక్కర్లేదు కాబట్టి ఫొటోలు తక్కువ.

2015 కథ తలకిందులు. డిసెంబర్ 1న తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వాన. చెంబరంబాక్కం చెరువు నుంచి 29,000 క్యూసెక్కులు వదిలారు. అడయారు ఒడ్డున జాఫర్‌ఖాన్‌పేట, సైదాపేట, కొట్టూరుపురం మునిగాయి. అల నిమిషాల్లో వెనక్కి పోయింది, ఇది ఇళ్ళలో రోజుల తరబడి నిలిచింది. సునామీ జాలరి కుప్పాలను ఎంచుకుని కొట్టినట్టు కొట్టింది. వరద హౌసింగ్ బోర్డు క్వార్టర్సుకీ బంగళాలకీ తేడా చూడలేదు. విచిత్రం, 2004లో సర్వం పోగొట్టుకున్న జాలరులే ఈసారి పడవలు లారీల మీద వేసుకొచ్చి నగరం లోపలి జనాన్ని బయటికి తెచ్చారు.

ఈ వరదలో పెట్టిన వైద్య శిబిరాలకు ఎవరొచ్చారు? సైదాపేట వైపు ఒక స్కూల్లో మందులు అందించే బల్ల దగ్గర నేనున్నాను. తెలుగు మాట వినిపించగానే ఒక పెద్దావిడ వరస తప్పించుకుని నా ముందుకొచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మెత్తబడిపోయిన మందుల చీటీ. సిరా అంతా నీలంగా పాకి ఒక్క అక్షరం మిగల్లేదు. “తెల్ల బిళ్ళ నాయనా, మధ్యలో గీత ఉంటుంది, టిఫినుకు ముందు వేసుకుంటా” అంది. ఆ గుర్తులతో షుగర్ బిళ్ళా ఉంటుంది, బీపీ బిళ్ళా ఉంటుంది. డాక్టరమ్మ టిఫినుకు ముందన్న ముక్క పట్టుకుని షుగర్‌దే అయ్యుంటుందని అంది, కానీ చూసుకోకుండా ఇవ్వనంది. గ్లూకోమీటరు ఉంది, స్ట్రిప్పులు లేవు. మా దగ్గర ఓఆర్ఎస్ ప్యాకెట్లు మాత్రం అట్టపెట్టెలకు అట్టపెట్టెలు.

ఆ వరసలో సగం మంది అలాంటివాళ్ళే. జ్వరాలు తర్వాత వచ్చాయి. ముందు మునిగింది రోజూ వేసుకునే మందులు. కరెంటు లేక ఫ్రిజ్‌లో ఇన్సులిన్ చెడింది, ఏటీఎం నడవక కొత్తది కొనే దారి లేదు, డయాలసిస్‌కి పోవాలంటే రోడ్డు లేదు. మధ్యతరగతి నగరం మునిగితే వచ్చే జబ్బు మధ్యతరగతి జబ్బే. మేమేమో పల్లెటూరి కలరాకు సిద్ధమై వచ్చాం.

వేగంలో 2015దే పైచేయి. ఫోన్లు పనిచేసిన చోట ట్విట్టర్లో అడిగిన మందు గంటల్లో అందిన సందర్భాలున్నాయి. నిలకడలో 2004 ముందు అది తేలిపోతుంది. సంక్రాంతికల్లా బృందాలు ఇళ్ళకు చేరాయి. ప్రభుత్వం వైపు చూస్తే ఒక కొనసాగింపు కనబడుతుంది. సునామీ అప్పుడు తంజావూరు కలెక్టరుగా ఉండి, తర్వాత నాగపట్నం బాధ్యత తీసుకున్న జె. రాధాకృష్ణన్ 2015లో రాష్ట్ర ఆరోగ్య కార్యదర్శి. వాలంటీర్లకు అలాంటి జ్ఞాపకం లేదు. ప్రతిసారీ కొత్త కుర్రాళ్ళు, కొత్త బ్యానరు, పాత పెట్టె. హైతీ భూకంపంలో గుంపులుగా దిగిన బృందాల గందరగోళం చూశాకే 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విదేశీ వైద్య బృందాలకు కనీస ప్రమాణాలు రాసింది. తిండీ నీళ్ళూ కరెంటూ ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలన్నది అందులో ఒక ముఖ్యమైన నియమం. మన ఊరి బృందాలకు దాన్ని వర్తింపజేసేవాళ్ళు లేరు.

వరద తర్వాత నగరాన్ని జ్వరాల నుంచి కాపాడింది ఎవరని నన్నడిగితే, శిబిరాల కన్నా ముందు పారిశుద్ధ్య కార్మికుల పేరు చెబుతాను. చెన్నైలో ఈ పని తరతరాలుగా చేస్తున్నవాళ్ళలో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు చాలా ఉన్నాయి. కుళ్ళిన పరుపులు, చచ్చిన జంతువులు, మురుగు, అన్నీ ఎత్తిపోసింది వాళ్ళే, చాలాచోట్ల గ్లవ్స్, బూట్లు లేకుండానే. ఎలుక జ్వరం ముప్పు అందరికన్నా వాళ్ళకే ఎక్కువ. 2018 వరదల్లో కేరళ ప్రభుత్వం, శుభ్రం చేసే పనిలోకి దిగినవాళ్ళకు ఆ జ్వరం రాకుండా డాక్సీసైక్లిన్ బిళ్ళలు పంచింది. మా శిబిరం మాత్రం పొద్దున పదింటికి తెరిచి సాయంత్రం నాలుగింటికి మూసేది. ఆ వేళల్లో వాళ్ళు వీధుల్లో పనిలో ఉండేవాళ్ళు, వరసలో నిలబడే తీరిక వాళ్ళకు లేదు. బల్లను వాళ్ళ హాజరు పట్టీ దగ్గరికి, తెల్లవారుజామున ఐదింటికి తీసుకెళ్దామన్న మాట మాలో ఎవరి నోటా రాలేదు.