అభ్యర్థన నుండి అందుబాటు వరకు: ఎలక్ట్రానిక్ వనరుల సేకరణ విధానం – బాసర నేపథ్యంలో ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉన్నత విద్యాసంస్థల గ్రంథాలయాలలో ఎలక్ట్రానిక్ వనరుల అభ్యర్థన, సేకరణ పద్ధతులను సరళీకరించాలన్న చర్చ సాధారణంగా సంతకాల సంఖ్యను తగ్గించడం దగ్గరే ఆగిపోతుంది. అచ్చు పుస్తకం కోసం ఏర్పడిన అభ్యర్థన పత్రమే అసలు అవరోధమనీ, ధర లేని వనరుకు ఈ విధానంలో చోటు లేకపోవడం వల్ల తెలుగు పరిశోధన ఎక్కువగా నష్టపోతున్నదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇ-అభ్యసనం పునాదిగా వెలసిన బాసర విద్యాప్రాంగణాన్ని, దాని చుట్టూ ఉన్న ఉత్తర తెలంగాణ పరిశోధనావసరాలను ఇందుకు నేపథ్యంగా స్వీకరించడమైనది.

కీలకపదాలు: ఎలక్ట్రానిక్ వనరులు, గ్రంథాలయ సేకరణ, బాసర, వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, శోధ్‌గంగ, తెలుగు పరిశోధన, కొలామీ.

ప్రవేశిక

బాసర పేరు వినగానే గోదావరి ఒడ్డున జ్ఞానసరస్వతి సన్నిధిలో పలక మీద ఓనమాలు దిద్దే పసివాళ్లు గుర్తుకు వస్తారు. ఆ ఊరికే 2008లో మరొక విద్యాసంబంధం ఏర్పడింది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని చట్టం ద్వారా నెలకొల్పి బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో మూడు ప్రాంగణాలను ప్రారంభించింది. పదో తరగతి పూర్తిచేసిన గ్రామీణ విద్యార్థులను చేర్చుకొని, రెండేళ్ల ప్రీ-యూనివర్సిటీ కోర్సు, నాలుగేళ్ల బి.టెక్. కలిపి ఆరేళ్ల సమీకృత విద్యను అక్కడే ఉంచి చెప్పడం దీని ప్రణాళిక. విద్యార్థి చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి, పాఠాన్ని తెర మీదికి తేవడం తొలినాటి సంకల్పంలోనే ఉంది. రాష్ట్ర విభజన తరువాత బాసర తెలంగాణకు దక్కింది. 2016 జిల్లాల పునర్విభజనతో ఆదిలాబాద్ నుండి నిర్మల్ జిల్లాలోకి చేరింది.

తక్కిన విశ్వవిద్యాలయాలు అచ్చు పుస్తకాల నిల్వతో మొదలై క్రమంగా ఎలక్ట్రానిక్ వనరుల వైపు నడిచాయి. బాసర వంటి ప్రాంగణం ఆ వనరుల మధ్యనే పుట్టింది. ఎలక్ట్రానిక్ వనరును ఎవరు అడుగుతారు, ఎలా అడుగుతారు, అడిగినది ఏ దారిన చేరుతుంది అన్న ప్రశ్నలను పాత అలవాట్ల బరువు లేకుండా పరిశీలించడానికి ఇది తగిన చోటు. ఇక్కడి చర్చ ఏ ఒక్క గ్రంథాలయపు దైనందిన నిర్వహణకూ సంబంధించినది కాదు. దాదాపు అన్ని సంస్థలలోనూ వాడుకలో ఉన్న పద్ధతికి సంబంధించినది.

పుస్తకం కోసం కుట్టిన చొక్కా

కళాశాలలలో వాడుకలో ఉన్న అభ్యర్థన పత్రాన్ని గమనిస్తే గ్రంథకర్త, గ్రంథనామం, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం, ధర, కావలసిన ప్రతులు అన్న గడులు కనిపిస్తాయి. పుస్తకానికి ఇవి చాలు. ఎలక్ట్రానిక్ వనరుకు ఇవి దాదాపు ఏమీ చెప్పవు. పుస్తకాన్ని కొంటే అది గ్రంథాలయపు సొత్తు. డేటాబేస్‌కు చందా కడితే దక్కేది గడువున్న వినియోగానుమతి మాత్రమే. చందా ఆగితే పాత సంచికలు మిగులుతాయా? ఒకేసారి ఎందరు చదవవచ్చు? ప్రాంగణం బయటి నుండి తెరుచుకుంటుందా? మరో గ్రంథాలయపు పాఠకునికి ఒక వ్యాసం పంపవచ్చా? నిర్ణయాన్ని శాసించే ఈ ప్రశ్నలలో ఒక్కటీ ఆ పత్రంలో ఉండదు. అందువల్ల పత్రం అధ్యాపకుని నుండి గ్రంథపాలకునికి, అక్కడి నుండి సంఘానికి, సంఘం నుండి ఆర్థిక విభాగానికి వెళ్లి, ప్రతి మజిలీలోనూ ఒక సందేహంతో వెనక్కి వస్తుంది. ఆలస్యానికి సంతకాలను నిందించడం పరిపాటి. సమాచారం లేని పత్రాన్ని ఎన్ని తక్కువ చేతులు దాటించినా అది తిరిగి రాక తప్పదు.

ఆర్థిక నియమాలలోనూ ఇదే పుస్తకపు ఊహ కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి (2017) 215వ నియమం గ్రంథాలయ పుస్తకాల తనిఖీకి కేటాయించినది. 20,000 సంపుటాల వరకు ఉంటే పూర్తి తనిఖీ జరగాలి. 50,000 దాటితే నమూనా తనిఖీ చాలు. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన ప్రతి వెయ్యి సంపుటాలకు ఐదు పోయినా సహేతుకమైన నష్టంగానే పరిగణించాలి. నిజానికి ఇది ఎంతో ఉదారమైన నియమం. పుస్తకం వాడితే పోతుందని గుర్తించినవాళ్లు రాసినది. కాని చందా ముగిసిన నాడు వేల సంచికలు ఒక్కసారిగా కనబడకుండా పోయే వనరును ఈ లెక్కలో ఎక్కడ ఉంచాలి? అదే నియమావళి 172వ నియమం ప్రకారం వస్తువు అందాకనే చెల్లింపు జరగడం సాధారణ సూత్రం. ఎలక్ట్రానిక్ చందాలో చెల్లింపు ముందు, అందుబాటు తరువాత. రాష్ట్ర సంస్థలకు వేరే ఆర్థిక సంహితలున్నా ఆలోచనాసరళి ఇంచుమించు ఇదే.

దీనికి పంచాంగాల పేచీ ఒకటి తోడవుతుంది. పత్రికల చందా సాధారణంగా జనవరి నుండి డిసెంబరు వరకు. ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుండి మార్చి వరకు. శరత్కాలంలో అడిగిన వనరుకు మార్చి చివర నిధులు విడుదలైతే చందాలో ఒక త్రైమాసికం గడిచే ఉంటుంది. మార్చి హడావిడిలో వనరు ఎంపికకన్నా నిధుల వ్యయమే ప్రధానమవుతుంది. ఏ సరళీకరణ ప్రణాళికైనా మొదట సరిచేయవలసినది ఈ తేదీలను. ఆగస్టులోగా అభ్యర్థనలు, అక్టోబరులోగా ప్రయోగాత్మక వినియోగం, డిసెంబరులోగా ఒప్పందం పూర్తికావాలి. ఇందుకు కొత్త సాఫ్ట్‌వేర్ కూడా అవసరం లేదు.

జాతీయ చందా తరువాత

2025 జనవరి నుండి ఈ చిత్రం చాలావరకు మారింది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి రూ.6,000 కోట్లు కేటాయించారు. 30 మంది ప్రచురణకర్తలకు చెందిన సుమారు 13,000 పత్రికలు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల నిర్వహణలోని 6,300కు పైగా సంస్థలకు అందుతాయని ప్రకటించారు. సమన్వయ బాధ్యత గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రానిది. అంతకు ముందు 2015లో మూడు వేర్వేరు కూటములను కలిపి ఏర్పరచిన ఇ-శోధ్‌సింధు, కళాశాలల కోసం నడిచే ఎన్-లిస్ట్ ఈ దారిలో తొలి అడుగులు.

బాసర ప్రాంగణం, కరీంనగర్‌లోని శాతవాహన విశ్వవిద్యాలయం, ఆదిలాబాద్ ప్రభుత్వ డిగ్రీ కళాశాలల వంటి సంస్థలు విడివిడిగా ఎన్నడూ భరించలేని పత్రికలివి. పథకం విలువను తక్కువ చేయడం అన్యాయం. అయితే ప్రభుత్వ నిర్వహణలో లేని కళాశాలలు దీని వెలుపలే ఉన్నాయి. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటుంది. జాతీయ స్థాయిలో పత్రికల ఎంపిక జరిగిపోయినప్పుడు స్థానిక గ్రంథాలయపు పని తగ్గదు, దిశ మారుతుంది. ఆ జాబితాలో లేనిదేమిటో తెలుసుకొని దానిని సమకూర్చడమే ఇకపై స్థానిక సేకరణకు అర్థం. తెలుగు శాఖల దృష్టితో చూస్తే ఆ లేనిది చాలా పెద్దది. పథకం వరించినవి ప్రధానంగా అంతర్జాతీయ ప్రచురణకర్తల పత్రికలు. తెలుగు సాహిత్య పరిశోధనకు ఆధారమైనవి పాత మాసపత్రికలు, శతక సంకలనాలు, స్థానిక చరిత్రలు, సిద్ధాంతవ్యాసాలు.

ఒక అభ్యర్థన, ఐదు దారులు

ఆదిలాబాద్ ప్రాంతపు కొలామీ, గోండీ పదజాలంపై పనిచేసే పరిశోధకుని అవసరాలను ఉదాహరణగా తీసుకోవచ్చు. అతనికి కావలసినవి: ఎం.బి. ఎమెనో 1955లో ప్రచురించిన కొలామీ భాషావర్ణన. ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1948లో వెలువరించిన ఆదిలాబాద్ రాజ్‌గోండుల అధ్యయనం. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1984 నాటి రెండవ కూర్పు. భద్రిరాజు కృష్ణమూర్తి 2003లో కేంబ్రిడ్జ్ ద్వారా వెలువరించిన ద్రావిడ భాషల గ్రంథం. వీటితోపాటు ఇటీవలి భాషాశాస్త్ర పత్రికల వ్యాసాలు, విశ్వవిద్యాలయాల సిద్ధాంతవ్యాసాలు.

ప్రస్తుత పద్ధతిలో ఇవన్నీ ఒకే పత్రంలో ఒకే వరుసగా నమోదవుతాయి. వాస్తవంలో వీటి దారులు వేరు. పత్రికావ్యాసాలలో కొన్ని జాతీయ చందాలో ఇప్పటికే ఉంటాయి. వాటికి కావలసినది కొనుగోలు కాదు, దారి చూపడం. కృష్ణమూర్తి గ్రంథపు ప్రచురణసంస్థ పత్రికలు పథకంలో ఉన్నా, గ్రంథం పత్రిక కాదు కనుక దానిని వేరుగా కొనాలి. వ్యుత్పత్తి నిఘంటువు చికాగో విశ్వవిద్యాలయపు దక్షిణాసియా నిఘంటువుల జాలస్థలిలో ఉచితంగా ఉంది. సిద్ధాంతవ్యాసాలను శోధ్‌గంగలో వెదకాలి. 1948, 1955 నాటి గ్రంథాల తొలి ముద్రణలను ఏ విక్రేత జాబితాలోనో వెదకడం కన్నా అవి ఉన్న మరో గ్రంథాలయాన్ని అడగడమే దగ్గరి దారి. అయిదు దారులనూ ఒకే వరుసలో నిలబెడితే, ఒక్క క్షణంలో అందగలిగిన నిఘంటువు కూడా కొనుగోలు సంఘపు తదుపరి సమావేశం కోసం ఎదురుచూస్తుంది. రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాలలో పాఠకుని కాలాన్ని ఆదా చేయాలన్నది నాలుగవది. పరీక్షలలో ఆ సూత్రం మీద ప్రశ్న రాని ఏడాది ఉండదు. అభ్యర్థన పత్రం మీద మాత్రం దాని జాడ కనబడదు.

ధర లేనిదానికి దస్త్రం లేదు

ఈ ఉదాహరణలోని నిఘంటువు ఒక లోతైన లోపాన్ని బయటపెడుతుంది. సేకరణ విధానంలో దస్త్రాన్ని నడిపించేది ధర. ధర ఉంటే కొటేషన్ ఉంటుంది, మంజూరు ఉంటుంది, ప్రవేశసంఖ్య ఉంటుంది, సూచికలో చోటు దొరుకుతుంది. ఉచిత వనరుకు ఇవేవీ లేవు. కాబట్టి గ్రంథాలయం దృష్టిలో అది లేనట్లే. ఆంగ్ల పత్రికల విషయంలో ఇది చిన్న లోటు. తెలుగుకు ఇదే ప్రాణాంతకం, ఎందుకంటే తెలుగు ఎలక్ట్రానిక్ వనరులలో అధికభాగం ఉచితమే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా జాలస్థలి మూతపడినా అందులోని తెలుగు గ్రంథాల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మిగిలాయి. ప్రెస్ అకాడమీ పాత పత్రికలను స్కాన్ చేయించింది. తెలుగు వికీసోర్స్‌లో పాఠాలు యూనికోడ్‌లో వెదకడానికి వీలుగా ఉన్నాయి. వీటిని ఎవరూ ‘సేకరించరు’; ఒక తరం పరిశోధకులు మరో తరానికి వాట్సాప్‌లో లంకెలు పంపుకొంటున్నారు.

దొరకడం వేరు, వెదికితే దొరకడం వేరు. ఆర్కైవ్‌లోని అనేక తెలుగు గ్రంథాల పేర్లు రోమన్ లిపిలో గతితప్పిన అక్షరక్రమంతో నమోదయ్యాయి. శోధ్‌గంగలోని తెలుగు సిద్ధాంతవ్యాసాలలో అనేకం స్కాన్ చేసిన బొమ్మలు; శీర్షికకు మించి లోపలి పాఠంలో ఒక పదాన్ని వెదకడం సాధ్యం కాదు. ఇక్కడే తెలుగు అధ్యాపకుని బాధ్యత మొదలవుతుంది. గ్రంథనామాన్ని తెలుగు లిపిలో సరిగా నమోదు చేయడం, ఏ ముద్రణో గుర్తించడం, గ్రంథస్వామ్య స్థితిని నిర్ణయించడం గ్రంథపాలకుడు ఒంటరిగా చేయగలిగిన పనులు కావు. భారతీయ చట్టం ప్రకారం రచయిత మరణానంతరం అరవై ఏళ్లు స్వామ్యం ఉంటుంది. 1953లో మరణించిన సురవరం ప్రతాపరెడ్డి రచనలు 2014 జనవరి 1 నుండి స్వేచ్ఛగా వాడుకోదగినవి. ఆయన తరువాత మరణించిన ఎందరో రచయితల పుస్తకాలు, ఆర్కైవ్‌లో కనిపిస్తున్నా, ఇంకా స్వామ్యం కిందనే ఉన్నాయి. ఈ తేడా తెలియకుండా లంకెల జాబితా తయారుచేస్తే సంస్థ చిక్కులో పడుతుంది. ఈ తేడా తెలుసుకోవడం కష్టమని జాబితానే మానేస్తే విద్యార్థి నష్టపోతాడు. రెండవదే ఎక్కువగా జరుగుతున్నది.

వినియోగ లెక్కలు

కొనసాగింపు నిర్ణయాలకు ఇప్పుడు వినియోగ గణాంకాలే ప్రమాణం. ప్రచురణకర్తలు ‘కౌంటర్’ ప్రమాణంలో ఇచ్చే నివేదికలలో ఎన్ని వ్యాసాలు తెరిచారో, అనుమతి లేక ఎన్నిసార్లు వెనుదిరిగారో రెండూ ఉంటాయి. మొదటి అంకెతో చందా ధరను భాగించి ‘వాడకానికింత’ అని తేల్చడం అందరూ చేస్తారు. రెండవ అంకెను చూసేవారు అరుదు. పాఠకుడు తలుపు దాకా వచ్చి మూసి ఉందని వెళ్లిపోయిన సంఖ్య అది. ఏ అభ్యర్థన పత్రమూ రాయని అభ్యర్థన. తెలుగు వనరులకు ఇటువంటి నివేదికలే లేవు. కాబట్టి లెక్కల పట్టికలో తెలుగు ఎప్పుడూ సున్నాగా కనిపిస్తుంది. ఆ సున్నాను అవసరం లేకపోవడంగా చదవడం పెద్ద పొరపాటు.

బాసర వంటి ప్రాంగణంలో ఈ అంశం మరింత సున్నితమైనది. అక్కడి పాఠకులలో పదిహేను, పదహారేళ్లవారున్నారు. తెలుగు మాధ్యమంలో పదో తరగతి పూర్తిచేసి ఆంగ్లంలో పాఠాలు వినడానికి వచ్చిన విద్యార్థికి 13,000 పత్రికల తాళం చేతికిచ్చినా అది అతని తలుపు కాదు. పాఠ్యగ్రంథాలు, పారిభాషిక పదకోశాలు, తెలుగులో శాస్త్రవిషయాలు చెప్పే పుస్తకాలు అతని మొదటి అవసరం. సెలవులకు ఇంటికి వెళ్లిన విద్యార్థికి ప్రాంగణపు ఐ.పి. చిరునామా మీద ఆధారపడిన అనుమతి పనిచేయదు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే ‘ఇన్‌ఫెడ్’ వంటి గుర్తింపు వ్యవస్థ ద్వారా వ్యక్తిగత ప్రవేశం కల్పించడం ఇందుకు పరిష్కారం. అయితే అభ్యర్థించే అర్హత సాధారణంగా అధ్యాపకునికి, పరిశోధకునికి పరిమితమై ఉంటుంది. ప్రీ-యూనివర్సిటీ విద్యార్థి ఏమి వెదికి దొరకక ఊరుకున్నాడో ఏ దస్త్రానికీ తెలియదు.

ఆచరణలో

పై పరిశీలన నుండి తేలే మార్పులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. అభ్యర్థన అందిన రెండు మూడు రోజులలోనే గ్రంథపాలకుడు దానిని విడగొట్టాలి: జాతీయ చందాలో ఉన్నదైతే లంకె పంపి ముగించాలి, ఉచితమైనదైతే స్వామ్యం పరిశీలించి సూచికలో చేర్చాలి, మరో గ్రంథాలయంలో ఉన్నదైతే అక్కడికి రాయాలి, మిగిలిన వాటినే కొనుగోలు సంఘానికి పంపాలి. సంఘపు చిన్న బల్ల మీద ఇప్పుడు పేరుకుంటున్న కాగితాలలో ఎక్కువభాగం అక్కడికి రావలసినవే కావు. ఉచిత వనరుకు కూడా ప్రవేశసంఖ్య వంటి ఒక గుర్తింపు ఇచ్చి, నమోదు చేసిన తెలుగు అధ్యాపకుని శ్రమను సంస్థాపరమైన పనిగా లెక్కించాలి. లేకుంటే ఆ పని ఎవరి సెలవురోజుల్లోనో జరిగి, ఆ వ్యక్తి బదిలీ కాగానే ఆగిపోతుంది.

అభ్యర్థన పత్రంలో ‘ధర’ గడి పక్కన ‘ఎక్కడెక్కడ వెదికారు’ అన్న గడి ఒకటి చేరాలి. ప్రీ-యూనివర్సిటీ విద్యార్థి నుండి పరిశోధకుని వరకు ఎవరైనా దానిని తెలుగులో నింపగలగాలి. తిరస్కరించిన అభ్యర్థనలను కారణంతో సహా ఏడాది పొడవునా నమోదు చేసి, జాతీయ పథకం 2027తో ముగిసే మూడేళ్ల గడువులోపు ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు పంపాలి. భారతీయ భాషల వనరులు తదుపరి జాబితాలో చేరాలని అడగడానికి ఉత్తర తెలంగాణ కళాశాలల చేతిలో ఉండగల ఆధారం ఆ నమోదు పుస్తకమే.