వచ్చారా... వచ్చారా?

నవలలు రాసేవాళ్ళకి అప్పుడప్పుడూ ఇంకొకళ్ళ పుస్తకాల మీద సమీక్షలు రాయక తప్పదు. మెచ్చుకుంటే ఆవిడ నా స్నేహితురాలంటారు. తప్పు పడితే కుళ్ళంటారు. ఎందుకొచ్చిన గొడవ అని, ఈ వారం పుస్తకాల మాట పక్కనపెట్టి, అట్ట మీద రచయిత పేరు లేని ఒక వస్తువును సమీక్షకు తీసుకున్నాను. అది కంప్యూటర్లో, తెర వెనక, మనకు కనపడకుండా పనిచేసే ఒక చిన్న ప్రోగ్రాము. “ఈవిడకి కంప్యూటర్ల సంగతి ఏం తెలుసని?” అంటారేమో. నిజమే, నేను చదివింది బి.ఏ. అయినా గరిటె పట్టడం రానివాళ్ళకి కూడా పులుసులో ఉప్పెక్కువైతే తెలుస్తుంది గదా!

అది 2009 వేసవి. నంద్యాల జిల్లా ఏర్పడింది 2022లో. అప్పటికి మా మహానంది కర్నూలు జిల్లాలోది. చుట్టూ అరటితోటలు, వెనక నల్లమల. నంద్యాల నుంచి వచ్చే చివరి బస్సు వచ్చేసిందంటే, ఇక ఊళ్ళో చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. అలాంటి ఒక రాత్రి నేను కూర్చుని రాసుకుంటూంటే ముందుగదిలోంచి “గుర్ర్... టిక్” అని చప్పుడు వచ్చింది. ఎలుక కాబోలు అనుకున్నాను. పది అంకెలు లెక్కపెట్టే లోపల మళ్ళీ “గుర్ర్... టిక్”. ఎలుక అంత క్రమశిక్షణగా ఉండదే!

లేచి చూశాను. మా ఆడపడుచు కొడుకు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతూ సెలవులకు వచ్చాడు. మా పాత కంప్యూటర్‌కి లినక్స్ ఎక్కించి, “ఏవో దిగుమతి అవుతున్నాయత్తా, ఆపొద్దు” అని చెప్పి పడుకున్నాడు. ఆ పెట్టె ముఖాన, ఫ్లాపీ పెట్టే సన్నని గాడి పక్కన ఒక చిన్న దీపం వెలిగింది, ఆరింది. మళ్ళీ వెలిగింది, ఆరింది. గాడిలో చూస్తే ఏమీ లేదు. ఖాళీ.

ఫ్లాపీ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. కంప్యూటర్లో రాసింది దాచడానికి చిన్న నీలం బొమ్మ నొక్కుతారే, ఆ బొమ్మ ఫ్లాపీదే. మూడున్నర అంగుళాల ప్లాస్టిక్ పలక, లోపల పల్చటి గుండ్రటి రేకు. దాంట్లో పట్టేది 1.44 ఎంబీ. ఇవాళ మీ ఫోనుతో తీసే ఒక్క ఫోటో అందులో పట్టకపోవచ్చు. కాని 2001లో నా మొదటి నవలను నంద్యాలలో ఒక డీటీపీ షాపులో టైపు చేయించినప్పుడు, పేజీలన్నీ తొమ్మిది ఫ్లాపీల్లో ఇచ్చారు. “నవనందుల్లాగా తొమ్మిది!” అని మురిసిపోయి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఆళ్లగడ్డలో మా అమ్మగారింటికి తీసుకెళ్ళాను. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ నవల రెండో ముద్రణ వేస్తామని ఒకాయన అడిగితే, వాటిని బయటికి తీశాను. ఇంట్లో ఉన్న ఒక్క పుస్తకానికీ చివరి పేజీలు చెదలు తినేశాయి మరి. పాత కంప్యూటర్‌కి మళ్ళీ ప్రాణం పోయడం అందుకే.

పొద్దున ఉగ్గాని తింటూ మావాడు విషయం చెప్పాడు. “అది తెర వెనక పనిచేసే సర్వీసత్తా. వాటిని డీమన్ అంటారు.”

పక్కనే కూర్చున్న మా అత్తగారు ఉలిక్కిపడ్డారు. “దయ్యమా! ఇంట్లోకి దయ్యాన్ని యాడ్నుంచి తెచ్చినావురా?”

“దయ్యం కాదవ్వా. కనపడకుండా పనులు చేసిపెట్టేది. నువ్వు ఫ్లాపీ పెట్టావా లేదా అని అది చూస్తుంటుంది. పెట్టగానే తెర మీద దాని బొమ్మ వస్తుంది.”

“పెట్టినప్పుడు చూడొచ్చు గదా. పెట్టకముందే ఆ చూడటం దేనికి?” అన్నాను.

దానికి వాడు చెప్పిన జవాబు బాగుంది. పోస్టుమాన్ వస్తే బెల్లు కొడతాడు, మనం పొయ్యి దగ్గర మన పని మనం చేసుకోవచ్చు. బెల్లు లేని ఇంట్లో మాటిమాటికీ వాకిట్లోకి వెళ్ళి చూసుకోవాలి. పెన్ డ్రైవ్ పెడితే అది బెల్లు కొట్టినట్టే. ఫ్లాపీ డ్రైవుకు ఆ బెల్లు లేదు. పోనీ కిటికీలోంచి తొంగి చూసినా తెలియదు. మోటారు తిప్పి, చదివే తలను కాస్త కదిపి చూస్తే గాని, లోపల ఫ్లాపీ ఉందో లేదో, మారిందో లేదో తెలియదు. “గుర్ర్” మోటారు, “టిక్” తల. అదీ రాత్రి నేను విన్న ఎలుక.

ఇక సమీక్షలోకి వస్తాను. ముందు మంచి చెప్పడం మర్యాద.

ఈ పాత్రను సృష్టించినవాళ్ళ ఉద్దేశం మంచిది. తొలిరోజుల్లో లినక్స్ వాడేవాళ్ళు ఫ్లాపీ గాని సీడీ గాని పెడితే, “ఇదిగో పెట్టాను, చూడు” అని ఒక ఆజ్ఞ టైపు చెయ్యాలి, తీసేటప్పుడు ఇంకో ఆజ్ఞ. మనలాంటివాళ్ళకి అది ఎక్కడ సాధ్యం? వచ్చినవాళ్ళు గుమ్మంలో చెప్పులు విడిచేలోపల కాఫీ చేతికిచ్చే కోడలిలా, పెట్టీ పెట్టగానే బొమ్మ కనిపించాలని వాళ్ళు ఆశపడ్డారు. ఇది లినక్స్‌వాళ్ళకే వచ్చిన ఆలోచనా కాదు. 1985లో వచ్చిన అమీగా అనే కంప్యూటర్ కూడా ఖాళీ డ్రైవును ఇలాగే తట్టి తట్టి చూసేది. దాని టిక్కు టిక్కు ఎంత పేరు పొందిందంటే, ఆ చప్పుడు మాన్పించడానికే వేరే చిన్న ప్రోగ్రాములు పుట్టాయి!

ఇప్పుడు లోపాలు. మొదటిది, అందరికీ ఒకే కొలత. సీడీ డ్రైవులను లినక్స్ రెండు సెకన్లకోసారి పలకరించడం రివాజు. రోజుకు 43,200 సార్లు! సీడీ డ్రైవు పాపం చప్పుడు చెయ్యకుండా “ఏమీ లేదు” అని చెప్పేస్తుంది. అదే మర్యాద ఫ్లాపీకి కూడా చేస్తే దానికి ఒళ్ళంతా కదిలించాలి. పక్కింటి కుర్రాణ్ణి పిలిచినట్టు, మోకాళ్ళ నొప్పుల మామగారిని “ఒకసారి ఇటు రండి” అని గడియకోసారి పిలుస్తారా ఎవరైనా? ఎవరిని ఎలా అడగాలో తెలియని సేవ ఎంత చేసినా సేవ అనిపించుకోదు.

రెండోది, తను నిద్రపోదు, ఇంట్లో ఇంకొకళ్ళని నిద్రపోనివ్వదు. పని లేనప్పుడు కంప్యూటర్ మెదడు కునుకు తీస్తుంది. ఆ కునుకే కరెంటు పొదుపు. మధ్యాహ్నం నడుం వాల్చామో లేదో “పాలవాడు వచ్చాడా?” అని లేపితే మనకి ఎలా ఉంటుంది? 2007లో ఇంటెల్ కంపెనీవాళ్ళు పవర్‌టాప్ అనే పనిముట్టు ఒకటి విడుదల చేశారు. మెదడును సెకనుకు ఎన్నిసార్లు ఎవరు నిద్ర లేపుతున్నారో అది పేరు పేరునా చెప్పేస్తుంది. సీడీ డ్రైవును అస్తమానం పలకరించే హాల్ అనే సర్వీసు అందులో దొరికిపోయింది. ఆ పలకరింపు మాన్పించమని పవర్‌టాపే సలహా ఇచ్చేది. తర్వాత 2011లో ఆ కాపలా పనిని లినక్స్ తన గర్భంలోకే తీసుకుని ఒక పద్ధతిలో పెట్టింది.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. ఈ పాత్రకు “లేదు” అన్న మాట అర్థం కాదు. లక్షసార్లు “లేదు” అని విన్నా, లక్షా ఒకటోసారి మొదటిసారి అడిగినట్టే అడుగుతుంది. ఇంకా విచిత్రం వినండి. కొన్ని కంప్యూటర్లలో ఫ్లాపీ డ్రైవే ఉండదు. కాని యంత్రం పుట్టుకతో వచ్చే అమరికల్లో “ఉంది” అని రాసి ఉంటుంది, తీసెయ్యాలని ఎవరికీ తోచదు. ఆ మాట నమ్మి లినక్స్ దాన్ని చదవబోతుంది, చదవలేక పోతుంది, “చదవలేకపోయాను” అని చిట్టాలో రాసుకుంటుంది. మళ్ళీ చదవబోతుంది. లేని గుమ్మం దగ్గర లేని అతిథి కోసం నిలబడి, రాలేదని పేజీల కొద్దీ ఫిర్యాదు!

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది. కాని నాకు నష్టం కూడా జరిగింది. “రేపు ఆపుతాలే అత్తా” అని మావాడు బద్ధకించాడు. ఎనిమిది ఫ్లాపీలు చక్కగా కాపీ అయ్యాయి. తొమ్మిదోది పెట్టిన రోజున నంద్యాలలో పెళ్ళికి వెళ్ళవలసి వచ్చి, దాన్ని అలాగే లోపల వదిలేశాం. మూడు రోజులు. హార్డ్ డిస్కులో చదివే తల గాలిలో తేలుతుంది గాని, ఫ్లాపీలో రేకు మీద ఆనుకునే ఉంటుంది. తిరిగి వచ్చేసరికి దీపం వెలుగుతూ ఆరుతూనే ఉంది, చివరి అధ్యాయాలు మాత్రం రాలేదు. ఎనిమిదేళ్ళ ఫ్లాపీ ఊరికే కూడా పాడవుతుంది, మొత్తం నేరం దాని మీద మోపను. కాని ఆ మూడు రోజుల రాపిడి దానికి మేలు చేసిందని ఎవరూ అనలేరు.

నేను తల పట్టుకుని కూర్చుంటే మా అత్తగారు ఆ దీపం వంక చూస్తూ అన్నారు: “ఎవురూ రారని దానికి చెప్పేటోళ్ళు లేరేమో అమ్మాయ్. చెప్తే ఆపదా?”

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది.

మా చిన్న మరిది ఇంట్లో పోట్లాడి బళ్ళారి వెళ్ళి అప్పటికి పదకొండేళ్ళు. మా అత్తగారు రోజూ సాయంత్రం అరుగు మీద పీట వేసుకుని చివరి బస్సు వచ్చేదాకా కూర్చునేవారు. రాత్రి వంటకు రోజూ ఒక గుప్పెడు బియ్యం ఎక్కువ పోయించేవారు. “ఎవురన్నా వస్తారేమో” అనేవారు. ఎవరో అందరికీ తెలుసు. అంతకు రెండేళ్ళ ముందే అతని దగ్గర్నుంచి మావారికి ఉత్తరం వచ్చింది. అక్కడే పెళ్ళి చేసుకున్నాడట, ఇక ఈ గడప తొక్కనని రాశాడు. “అమ్మ తట్టుకోలేదు” అని మావారు ఆ ఉత్తరం బీరువాలో దాచారు. నేనూ నోరు మెదపలేదు. రెండేళ్ళు!

కాపలా పెట్టినవాళ్ళం మేము. రారని తెలిసినవాళ్ళమూ మేమే. ఒక ప్రోగ్రాముకు తెలివి లేదని లోపాలు ఎంచుతున్న నేను, మా అత్తగారితో ఆ ఒక్క మాట చెప్పలేకపోయాను. ఆ సాయంత్రం బస్సు వేళ కంటే ముందే వెళ్ళి ఆమె పక్కన కూర్చుని ఉత్తరం చదివి వినిపించాను. ఆమె ఏడవలేదు. చాలాసేపు రోడ్డు వంక చూసి, “పెండ్లాం పేరు రాసినాడా?” అని అడిగారు. రాయలేదన్నాను. “ముందే చెప్పింటే రెండేండ్ల బియ్యం మిగిలేటివి గదమ్మా” అన్నారు. ఆ మాటలో ఉన్న చురక ఇప్పటికీ చల్లారలేదు నాకు. మర్నాడు తనంతట తనే ఒక కార్డు తెప్పించుకుని, నా చేత బళ్ళారికి ఉత్తరం రాయించారు.

మావాడు కూడా ఆ రాత్రే కూర్చుని, అమరికల్లో ఒక్క వాక్యం చేర్చాడు. ఈ డ్రైవును నువ్వు చూడనక్కర్లేదు, కావలసినప్పుడు మేమే పిలుస్తాం అని దాని అర్థమట. పట్టుమని పది మాటలు లేవు. దీపం ఆరిపోయింది. తర్వాత ఆళ్లగడ్డలో నా స్నేహితురాలి దగ్గర నవల ప్రతి దొరికితే, చివరి అధ్యాయాలు మళ్ళీ టైపు చేయించాను. ఫ్లాపీలతో పని తీరిపోయాక, యంత్రం అమరికల్లోనే “లేదు” అని రాసేశాడు.

ఫ్లాపీ కథ ప్రపంచంలో కూడా ముగింపుకొచ్చింది. యాపిల్‌వాళ్ళు 1998లో ఐమాక్‌లో దాన్ని పెట్టడమే మానేశారు. సోనీ కంపెనీ 2011లో జపాన్‌లో అమ్మకం ఆపేసింది. 2019లో లినక్స్‌లో ఫ్లాపీ నడిపే భాగానికి “అనాథ” అని ముద్ర వేశారు, సరిగా పనిచేసే డ్రైవులే దొరకడం కష్టమైపోయిందని. జపాన్ ప్రభుత్వం 2024లో తన నిబంధనల్లోంచి ఫ్లాపీని దాదాపు పూర్తిగా తొలగించింది. అంతవరకూ అక్కడి ఆఫీసుల్లో కొన్ని దరఖాస్తులు ఫ్లాపీలోనే ఇవ్వాలని రాసి ఉండేదట. చూశారా, కాగితం మీద రాసిన కాపలా కూడా ఎంతకాలం నిలబడుతుందో!

సమీక్షకు చివర మంచిదో చెడ్డదో తేల్చి చెప్పాలి గదా. ఆ సర్వీసు సోమరి కాదు, దొంగ కాదు. నమ్మకమైనది, ఓపిక గలది. పాత్రచిత్రణలో లోపం లేదు. దాన్ని గుమ్మంలో నిలబెట్టి వెళ్ళిపోయి, “ఇంకా నిలబడాలా?” అని ఒక్కసారి వెనక్కి వచ్చి చూడని రచయితదే లోపం. మన ఇళ్ళల్లో కూడా అలా నిలబెట్టి మరిచిపోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో, ఈ ఆదివారం కాస్త తీరిక చేసుకుని చూడండి.

అన్నట్టు, ఆ కార్డుకు నాలుగు నెలల తర్వాత జవాబు వచ్చింది. పోస్టుమాన్ బెల్లు కొట్టాడు. మా అత్తగారు లోపల చింతపండు పిసుకుతున్నారు.