కడుపు కోయకుండా కుళ్లు తీసే పనితనం

క్లోమం జీర్ణాశయం వెనకాల, వెన్నుపూసల ముందు అడ్డంగా ఒదిగి ఉంటుంది. అది తయారుచేసే రసం మాంసాన్ని సైతం కరిగిస్తుంది. అందుకే గ్రంథిలో ఉన్నంతసేపూ ఆ రసం పని చేయదు, చిన్నపేగులోకి చేరాకే మొదలుపెడుతుంది. పిత్తాశయం నుంచి జారిన రాయి నాళానికి అడ్డం పడినా, మద్యం మితిమీరినా, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు విపరీతంగా పెరిగినా ఈ కట్టుబాటు తప్పుతుంది. రసం పుట్టినచోటే పని మొదలుపెట్టి సొంత గ్రంథినే తినేస్తుంది. అదే ప్యాంక్రియాటైటిస్. ఎక్కువమంది వారం పది రోజుల్లో కోలుకుంటారు. నూటికి ఐదు నుంచి పది మందిలో మాత్రం క్లోమంలో కొంత భాగమో, చుట్టూ ఉన్న కొవ్వో, రెండూనో చచ్చిపోతాయి. కాంట్రాస్ట్ ఎక్కించి సీటీ తీస్తే బతికున్న క్లోమం వెలుగుతుంది, చచ్చిన భాగం మసకగా ఉండిపోతుంది.

చచ్చిన కణజాలానికి ఇన్‌ఫెక్షన్ తగిలితే ప్రాణం మీదికొస్తుంది. ఒకప్పుడు వెంటనే పొట్ట తెరిచి కుళ్లినదంతా చేత్తో తీసేసేవారు. కానీ తొలిరోజుల్లో చచ్చిందేదో బతికిందేదో విడిపడి ఉండదు. ఒకటి లాగితే రెండోది చిరుగుతుంది, రక్తం ఆగదు. నాలుగు వారాలు ఓపిక పడితే శరీరమే ఆ కుళ్లు చుట్టూ గోడ కట్టుకుంటుంది. 2012లో సవరించిన అట్లాంటా వర్గీకరణ ఈ నాలుగు వారాల గీతనే ప్రామాణికంగా తీసుకుంది. ఈలోగా ముక్కు నుంచి పేగులోకి వేసిన గొట్టంతో ఆహారం, అవసరమైతే యాంటీబయాటిక్స్. డచ్ వైద్యులు 2021లో ప్రచురించిన పాయింటర్ పరిశోధనలో, ఇన్‌ఫెక్షన్ సోకిన 104 మందిలో కొందరికి చీము బయటికి తీసే గొట్టం వెంటనే వేశారు, మిగిలినవారికి గోడ కట్టేదాకా ఆగారు. ఆగినవారిలో 39 శాతం మందికి యాంటీబయాటిక్స్‌తోనే సరిపోయింది. గొట్టమే వేయాల్సి రాలేదు. ఈ వైద్యంలో మొదటి నైపుణ్యం చేతిని ఆపుకోవడమే.

ఆగడం కుదరనప్పుడు దారి కావాలి. కుళ్లు చేరిన గది జీర్ణాశయం గోడకు ఆనుకుని ఉంటే దగ్గరి దారి అదే. చిక్కల్లా, ఆ రెండు గోడలూ ఒకదానికొకటి అతికి ఉంటాయన్న నమ్మకం లేదు. చిల్లు పొడిచాక అవి ఎడబాస్తే చీము మొత్తం పొట్టలోకి కారుతుంది. పాత ప్లాస్టిక్ స్టెంట్లు సన్ననివి, చిక్కటి కుళ్లుకు తొందరగా పూడుకుపోయేవి. దీనికి విరుగుడుగా వచ్చిన లోహపు స్టెంట్లలో ఒకదానికి హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ (ఏఐజీ) స్థాపకులు డి. నాగేశ్వర్ రెడ్డి పేరు మీదుగా 'నాగి స్టెంట్' అని పేరు. ఆకారం డమరుకానిది. నడుము సన్నం, రెండు అంచులూ విచ్చుకుని ఉంటాయి. ఒక అంచు కుళ్లు గదిలో, రెండోది జీర్ణాశయంలో కూర్చుని రెండు గోడల్నీ కలిపి పట్టుకుంటాయి. అల్లిక నిటినాల్ తీగది, సన్నని గొట్టంలో నొక్కిపెట్టి తీసుకెళ్లి వదిలితే తన ఆకారానికి తానే విచ్చుకుంటుంది. సిలికాన్ పూత ఉంటుంది కాబట్టి కండ తీగల మధ్యకు పెరగదు, తర్వాత తీసేయడం తేలిక.

పని జరిగే తీరు చూడాలి. కొనకు అల్ట్రాసౌండ్ అమర్చిన ఎండోస్కోప్‌ను నోటిద్వారా జీర్ణాశయంలోకి దింపుతారు. తెరమీద గోడ, దాని వెనక గది కనబడతాయి. రెంటికీ మధ్య దూరం సెంటీమీటరుకు మించకూడదు. డాప్లర్ వేసి దారిలో రక్తనాళం లేదని చూసుకుంటారు. అప్పుడే సూది. సూదిలోంచి తీగ, తీగ మీదుగా స్టెంట్. ముందు లోపలి అంచు విప్పుతారు, మొత్తాన్ని మెల్లగా వెనక్కి లాగి గోడకు బిగిస్తారు, ఆ తర్వాతే బయటి అంచు వదులుతారు. ఈ వరుస తప్పితే స్టెంట్ మొత్తం గదిలోకి జారిపోవచ్చు. వరుస కుదిరితే మరుక్షణం గోధుమరంగు చీము జీర్ణాశయంలోకి ఉబికివస్తుంది.

గట్టి ముక్కలు మిగిలితే? వెంటనే లోపలికి దిగరు. ఏఐజీ వైద్యులు 2017లో ప్రచురించిన పద్ధతిలో మెట్లున్నాయి. స్టెంట్ పూడితే శుభ్రం చేయడం మొదటిది. ముక్కు గుండా సన్నని గొట్టం వేసి కడగడం రెండోది. ఎండోస్కోప్‌తో గదిలోకి వెళ్లి ముక్కలు లాగడం ఆఖరుది. 200 మందికి పైగా రోగుల్లో సుమారు ముప్పావు వంతు మందికి స్టెంట్ ఒక్కటే చాలింది. ఆఖరి మెట్టుకు వెళ్లినప్పుడు ఊదేది గాలి కాదు, కార్బన్ డయాక్సైడ్. పొరపాటున రక్తనాళంలోకి పోయినా అది త్వరగా కరిగిపోతుంది. గదిలో అడ్డంగా సాగిన రక్తనాళాలు బయటపడి ఉంటాయి. స్నేర్ అనే తీగ ఉచ్చుతో పట్టుకున్న ముక్క తేలిగ్గా ఊడివస్తే తీస్తారు, బిగిస్తే వదిలేసి మరో రోజు చూస్తారు.

స్టెంట్‌నూ ఎక్కువ కాలం ఉంచరు. గది కుంచించుకుపోయాక లోహపు అంచు ఎదుటి గోడకు ఒరుసుకుని రక్తస్రావం తేవచ్చు. అందుకే మూడు నాలుగు వారాల్లో సీటీ చూసి తీసేస్తారు.

దీన్ని సర్వరోగనివారిణి అనుకోకూడదు. కుళ్లు ఎడమ డొక్క మీదుగా కటి దాకా పాకితే జీర్ణాశయం దారి అందదు. అప్పుడు డొక్కలోంచి గొట్టం, అదీ చాలకపోతే అదే దారిన చిన్న కోతతో సర్జన్ పని. 2018లో వెలువడిన టెన్షన్ పరిశోధన 98 మందిలో ఈ రెండు దారుల్నీ పోల్చింది. మరణాల్లో, పెద్ద చిక్కుల్లో తేడా కనబడలేదు. క్లోమరసం చర్మం మీదికి కారడం మాత్రం ఎండోస్కోపీ దారిలో బాగా తక్కువ, ఆస్పత్రిలో ఉండే రోజులూ తక్కువే.

ఎంత పనితనమైనా మనిషిని దక్కిస్తుందే గానీ పోయిన క్లోమాన్ని తిరిగి మొలిపించదు. డిశ్చార్జి తర్వాత కొందరికి షుగర్ వస్తుంది, కొందరికి తిండితోపాటు ఎంజైమ్ క్యాప్సూల్స్ తప్పవు. రాళ్లే కారణమైతే పిత్తాశయం తీయించుకోవాలి, మద్యమైతే పూర్తిగా మానేయాలి. అది జరగకపోతే మళ్లీ అదే జబ్బు, ఈసారి మిగిలిన కాస్త క్లోమం మీద.