ప్రభుత్వ స్వరూపమా, పాలకుని జవాబుదారీయా?

షేఖ్ అలీ అబ్దుర్రాజిఖ్ గ్రంథం ‘అల్ ఇస్లాం వ ఉసూలుల్ హుక్మ్’పై విమర్శనాత్మక పరిశీలన

ఏ విధమైన ప్రభుత్వం మేలైనదన్న ప్రశ్నను ముస్లిం ధర్మశాస్త్రజ్ఞులు శతాబ్దాల తరబడి చర్చించారు. అయితే ఆ చర్చ చాలావరకు పాలకునికి ఉండవలసిన అర్హతల చుట్టూనే తిరిగింది. అసలు ఖలీఫా అవసరమా అని ఖవారిజ్‌లలోను, ముఅతజిలా పండితులలోను కొందరు ప్రశ్నించకపోలేదు. కాని ఖలీఫా అనేవాడు బాగ్దాదులోనో, కైరోలోనో, ఇస్తాంబూల్‌లోనో ఉన్నంతకాలం ఆ ప్రశ్నను పక్కకు నెట్టడం కష్టం కాలేదు. 1924 మార్చి 3న టర్కీ జాతీయ మహాసభ ఖిలాఫత్‌ను రద్దుచేసి, చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్‌ను దేశం నుండి పంపివేసిన తరువాత మాత్రం దాన్ని దాటవేసే వీలు లేకపోయింది.

ఆ వార్త భారతదేశపు ముస్లింలకు పిడుగుపాటయింది. 1919 నుండి ఊరూరా ఖిలాఫత్ కమిటీలు పెట్టి, చందాలు పోగుచేసి, జైళ్లకు వెళ్లినవారికి తాము ఎవరి కోసం పోరాడారో ఆ పీఠమే లేదన్న సంగతి మింగుడుపడలేదు. ప్రవాసంలో ఉన్న ఖలీఫాకు హైదరాబాదు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ నెలసరి భత్యం ఏర్పాటు చేశారు. 1931లో ఖలీఫా కుమార్తె దుర్రె షెహ్‌వార్ నిజాం పెద్ద కుమారుని వివాహమాడి హైదరాబాదుకు కోడలైంది. దక్కను ముస్లింలకు ఖిలాఫత్ ఎక్కడో దూరదేశపు ముచ్చట కాదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఖిలాఫత్ రద్దయిన మరుసటి సంవత్సరం, 1925లో, ఈజిప్టులో ఈ చిన్న పుస్తకం వెలువడింది. గ్రంథకర్త అల్ అజ్‌హర్‌లో చదివిన ఆలిం, మన్సూరా షరీఅత్ న్యాయస్థానంలో ఖాజీ. ఖిలాఫత్‌ను తోసిపుచ్చిన వాదం పాశ్చాత్య విద్యావంతుని నోట గాక తలపాగా ధరించిన ఖాజీ కలం నుండి రావడమే ఆనాటి కలకలానికి మూలం.

గ్రంథంలోని వాదం

పుస్తకం మూడు భాగాలు. మొదటిది ఖిలాఫత్‌కు ఇస్లాంతో గల సంబంధాన్ని, రెండవది ప్రభుత్వానికి ఇస్లాంతో గల సంబంధాన్ని, మూడవది చరిత్రలో ఖిలాఫత్ నడిచిన తీరును పరిశీలిస్తాయి. ఖలీఫా నియామకం ధర్మం విధించిన బాధ్యత అనడానికి దివ్యఖుర్ఆన్‌లో స్పష్టమైన ఆధారం లేదని, హదీసులలో చూపే ఆధారాలు ఆ అర్థాన్ని మోయలేవని, ఇజ్మా (ఏకాభిప్రాయం) అని చెప్పబడుతున్నది కత్తి నీడలో పుట్టినదని గ్రంథకర్త వాదిస్తాడు. దైవప్రవక్త (సల్లం) నాయకత్వం సందేశానికి సంబంధించినదే తప్ప రాజ్యపాలనకు సంబంధించినది కాదని, ఆయనతో ఆ నాయకత్వం ముగిసిందని, అటుపై వచ్చినదంతా రాజకీయమేనని ముక్తాయిస్తాడు. కనుక ముస్లింలు తమ బుద్ధికి, జాతుల అనుభవాలకు తోచిన మేలైన పద్ధతిలో రాజ్యాన్ని నిర్మించుకోవచ్చునని ఆయన తీర్మానం.

బలం ఎక్కడ?

మొదటి భాగంలోని వాదాన్ని తేలికగా కొట్టివేయలేము. ఖులఫాయె రాషిదీన్ నలుగురూ నాలుగు తీరుల అధికారంలోకి వచ్చారన్నది అందరెరిగిన చరిత్ర. హజ్రత్ అబూబక్ర్ (రజి)ను సఖీఫా సమావేశంలో ఎన్నుకున్నారు. హజ్రత్ ఉమర్ (రజి)ను అబూబక్ర్ (రజి) ప్రతిపాదించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి)ను ఉమర్ (రజి) నియమించిన ఆరుగురి సంఘం ఎంపిక చేసింది. హజ్రత్ అలీ (రజి)కి మదీనా ప్రజలు బైఅత్ చేశారు. ఒకే విధానాన్ని ధర్మం శాసించి ఉంటే సహాబాలు ముప్పై ఏళ్లలో నాలుగు విధానాలు అనుసరించేవారా? ఖుర్ఆన్ షూరా (సంప్రదింపు)ను రెండుచోట్ల ప్రస్తావించింది: ఆలె ఇమ్రాన్ సూరా 159వ ఆయత్‌లో ప్రవక్తకు ఇచ్చిన ఆదేశంగా, అష్‌షూరా సూరా 38వ ఆయత్‌లో విశ్వాసుల లక్షణంగా. ఆ షూరాలో ఎందరుండాలి, వారిని ఎవరు ఎన్నుకోవాలి అన్నది రెండుచోట్లా చెప్పలేదు.

ఇజ్మాపై ఆయన విమర్శకు కూడా చరిత్ర సాక్ష్యం ఉంది. 945లో బువైహీలు బాగ్దాదును పట్టుకున్న తరువాత ఖలీఫాలు వారి చేతిలో బొమ్మలయ్యారు. ఆ వాతావరణంలోనే అల్ మావర్దీ (మరణం 1058) తన ‘అల్ అహ్కాముస్ సుల్తానియ్యా’ రచించాడు. ఇమాముకు ఏడు అర్హతలు కావాలని చెప్పిన ఆ పండితుడే, బలంతో ప్రాంతాన్ని ఆక్రమించిన అమీరుకు సైతం కొన్ని షరతులతో ధర్మబద్ధత కల్పించవలసి వచ్చింది. ఆయన తరువాత రెండున్నర శతాబ్దాలకు ఇబ్ను జమాఅ (మరణం 1333) మరో అడుగు ముందుకు వేసి, బలంతో గెలిచినవానికి విధేయత చూపవలసిందేనన్నాడు. అరాచకం కన్నా అన్యాయపు పాలన నయమన్న భయమే వారి చేత ఆ మాట పలికించింది. ఆ భయాన్ని అర్థం చేసుకోవచ్చు. దానినే ధర్మసూత్రంగా చేసుకోవడం మాత్రం వేరే సంగతి.

లోపం ఎక్కడ?

రెండవ భాగంలో గ్రంథకర్త కాలు జారాడు. మదీనాలో తెగల మధ్య కుదిరిన ఒడంబడిక, జకాత్ వసూలు, యుద్ధము, సంధి, రాయబారులు, యమన్‌కు ముఆజ్ బిన్ జబల్ (రజి)ను పంపడం - వీటినన్నిటినీ సందేశ ప్రచారంలో భాగాలని తేల్చడం చరిత్రను కుదించడమే. రాజ్యమే ఉంటే దాని ఖజానా లెక్కలు, ఉద్యోగుల వ్యవస్థ వివరంగా ఎందుకు లేవని ఆయన అడుగుతాడు. ఈ ప్రశ్న ఆయన వాదానికే అడ్డం తిరుగుతుంది. వివరాలు లేకపోవడం రాజ్యం లేదనడానికి ఎంత రుజువో, రాజ్యస్వరూపాన్ని ఉమ్మత్ వివేచనకు వదిలారనడానికీ అంతే రుజువు. ఈ రెండవ అర్థాన్ని స్వీకరించి ఉంటే, ప్రవక్త రాజ్యపాలనను నిరాకరించకుండానే ఆయన తన తీర్మానానికి చేరి ఉండేవాడు. అనవసరమైన మెట్టు ఎక్కి అక్కడినుండి పడ్డాడు.

ఇంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. దానిని ప్రత్యర్థులు అంతగా పట్టించుకోలేదు. ధర్మశాస్త్రజ్ఞులు ఇమామత్ అంటే ప్రభుత్వమనే అర్థంలో వాడి ఉంటే వారి మాట నిజమేనని గ్రంథకర్త ఒప్పుకుంటాడు. ఆ ప్రభుత్వం నిరంకుశమైనా, రాజ్యాంగబద్ధమైనా, ఏకవ్యక్తి పాలనైనా, గణతంత్రమైనా, సంప్రదింపులతో నడిచేదైనా, సోషలిస్టుదైనా, చివరికి బోల్షివిక్‌దైనా సరేనంటూ అన్నిటినీ ఒకే వరుసలో నిలబెడతాడు. ధర్మం ఒక స్వరూపాన్ని శాసించలేదు గనుక అన్ని స్వరూపాలూ ధర్మానికి సమానమేనని అంటే, షూరా ఆయత్‌కు మిగిలే అర్థమేమిటి? ఇంటి నమూనా చెప్పనివాడు, ఇల్లు కూలిపోయేదిగా ఉన్నా ఫరవాలేదన్నట్టు కాదు. అమానత్‌లను అర్హులకు అప్పగించాలని, న్యాయంగా తీర్పు చెప్పాలని అన్నిసా సూరా 58వ ఆయత్ ఆదేశిస్తున్నప్పుడు, నిరంకుశాన్నీ సంప్రదింపునూ ఒకే తక్కెడలో తూచడం ఎలా సాధ్యం? పాలకుల ఖడ్గాన్ని మొదటి భాగంలో అంత తీవ్రంగా ఖండించిన కలమే ఇక్కడ నిరంకుశునికి తలుపు తెరిచి ఉంచింది.

తీర్పు, ఖండన

ఈ పుస్తకం వెలువడినప్పటి ఈజిప్టు పరిస్థితిని మరువరాదు. 1923 రాజ్యాంగం ఉంది. కాని 1925 మార్చిలో కొత్త పార్లమెంటు సమావేశమైన నాడే ఫువాద్ రాజు దాన్ని రద్దుచేశాడు. ఖాళీ అయిన ఖలీఫా పీఠంపై ఆయనకు ఆశ ఉన్నదన్న సంగతి బహిరంగ రహస్యం. ఆగస్టు 12న అల్ అజ్‌హర్ పెద్ద ఉలమాల మండలి ఏడు అభియోగాలపై గ్రంథకర్తను దోషిగా నిర్ణయించి ఆలిం పట్టాను రద్దుచేసింది. ఖాజీ పదవీ పోయింది. ఆ తీర్పును అమలు చేయడానికి సందేహించిన న్యాయమంత్రి అబ్దుల్ అజీజ్ ఫహ్మీకి ఉద్వాసన చెప్పగా, ఆయన పార్టీ మంత్రివర్గం నుండి వైదొలిగింది. ఒక గ్రంథంపై విద్వత్సభలో జరగవలసిన చర్చ రాజభవనపు వ్యవహారమైంది.

విద్వత్తుతో జరిగిన ఖండన లేకపోలేదు. ట్యునీషియాలో పుట్టి, తరువాతి కాలంలో షేఖుల్ అజ్‌హర్ అయిన ముహమ్మద్ అల్ ఖిజర్ హుసైన్ పుస్తకాన్ని వాక్యం వెంట వాక్యం ఉటంకించి జవాబు రాశాడు. ప్రవక్త కాలపు న్యాయవ్యవస్థ గురించి, నియామకాల గురించి ఆయన చూపిన ఆధారాలు గట్టివి. రెండవ భాగాన్ని అవి నిలవనివ్వవు. అయితే ఆ ఖండన గ్రంథం ఫువాద్ రాజుకే అంకితమైంది. పార్లమెంటును ఒక్కరోజు కూడా నడవనివ్వని పాలకుని నీడలో కూర్చుని ఇమామత్ ఔన్నత్యాన్ని నిరూపించడం, గ్రంథకర్త మొదటి భాగంలో లేవనెత్తిన ఫిర్యాదుకు జవాబు కాదు, దానికి సాక్ష్యం.

1926 మేలో కైరోలో సమావేశమైన ఖిలాఫత్ మహాసభ అప్పటి పరిస్థితులలో ఖలీఫా నియామకం సాధ్యం కాదని తేల్చి చెదిరిపోయింది. ఆ ఏడాదే మక్కాలో జరిగిన మహాసభకు వెళ్లిన భారత ఖిలాఫత్ నాయకులు హిజాజ్‌కు ప్రజా ప్రభుత్వం కావాలని కోరినవారు. అప్పటికే అక్కడ రాజరికం ప్రకటితమైంది. ఖలీఫా కోసం సర్వస్వం ఒడ్డినవారే పవిత్ర నగరాలకు రాజు వద్దనడంలో లోతైన అర్థముంది.

మూడవ మార్గం

ఈ వివాదంలో రెండు పక్షాలూ చూడని దారిని అల్లామా ఇక్బాల్ సూచించారు. 1929లో మద్రాసు, హైదరాబాదు నగరాలలో ఉపన్యసించి, 1930లో గ్రంథరూపంలో ప్రకటించిన ఆంగ్ల ప్రసంగాల సంపుటిలో, ఇజ్తిహాద్‌ను గురించిన ఆరవ ప్రసంగంలో ఆయన టర్కుల నిర్ణయాన్ని చర్చించారు. ఖలీఫా అధికారం ఒక్క వ్యక్తిలోనే గాక ఎన్నికైన సభలోనూ నెలకొనవచ్చునన్న ఇజ్తిహాద్ సరైనదేనని అంగీకరించారు. అంటే రాజ్యాన్ని ధర్మం నుండి వేరుచేయలేదు. ఒక్క మనిషికి ధర్మం పేరిట సర్వాధికారం ఇవ్వనూలేదు. చట్టం తెలియని సభ్యులు పొరపడతారన్న అనుమానాన్ని కూడా ఆయన పట్టించుకున్నారు. శాసనసభపై ఉలమాల సంఘాన్ని నియమించిన ఇరాన్ రాజ్యాంగపు ఏర్పాటు ప్రమాదకరమని, సున్నీ దేశాలు దానిని అనుసరించినా తాత్కాలికంగానే అనుసరించాలని హెచ్చరించారు. అసలు పరిష్కారం న్యాయవిద్యను సంస్కరించడంలో ఉందన్నారు.

ఇక్బాల్ సూచనలోనూ తీరని చిక్కు ఉంది. సభ కూడా తప్పు చేయగలదు. అధిక సంఖ్య అన్యాయాన్ని న్యాయం చేయలేదు. అయితే తప్పు చేసిన సభను ప్రజలు మార్చగలరు. తప్పు చేసిన సుల్తానును మార్చడానికి ఇస్లామీయ చరిత్రలో ఎన్నిసార్లు రక్తం చిందిందో ఇబ్ను ఖల్దూన్ పుటలు తిరగేసినవారికి చెప్పనక్కరలేదు.

కనుక ఏ ప్రభుత్వం మేలైనదన్న చర్చను పేర్లతో మొదలుపెట్టడంలోనే పొరపాటుంది. ఖలీఫా అన్న బిరుదు యజీద్‌కూ ఉన్నది; గణతంత్రమన్న పేరు నేటి నియంతలకూ ఉన్నది. పదవి స్వీకరించిన రోజున హజ్రత్ అబూబక్ర్ (రజి) తాను సరిగా నడిస్తే తోడ్పడమని, దారితప్పితే సరిదిద్దమని ప్రజలను కోరారు. ఆ మాటలో పాలకుడు ప్రజలకు జవాబుదారీ అన్న సూత్రం ఉంది. దానిని అమలుపరచే యంత్రాంగం లేదు. ఆ యంత్రాంగాన్ని నిర్మించే పని తరువాతి తరాలకు మిగిలింది. అలీ అబ్దుర్రాజిఖ్ ఆ పని ధర్మానికి సంబంధించినది కాదన్నాడు. ఆయనను శిక్షించినవారు ఆ పని ఎన్నడో పూర్తయిందన్నారు. పాలకుణ్ణి అడిగే హక్కు, అడిగినవానికి రక్షణ, వినకపోతే రక్తపాతం లేకుండా తొలగించే వీలు - ఈ మూడూ ఏ వ్యవస్థలో ఎంతమేరకు ఉన్నాయో చూసి తూచడమే ఆ పనికి మొదటి మెట్టు. ఈ గ్రంథాన్ని నేడు చదివేవారు దాని తీర్మానాన్ని అంగీకరించనక్కరలేదు. అది లేవనెత్తి జవాబు చెప్పక వదిలిన ఈ ప్రశ్నను మాత్రం వదలకూడదు.