రాయి యాడ పడిందిరా?

మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చే వేళకు పక్క చేనులోంచి 'టక్' అని ఒక చప్పుడు. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ 'టక్'. ఈ వారమంతా ఇదే వరస. కునుకు ఎలాగూ పోయింది కదా అని లేచి వెళ్ళి చూస్తే, రెండు వేపచెట్ల మధ్య పెద్ద వల కట్టి, దాని ముందు పచ్చటి ప్లాస్టిక్ చాప పరిచి, చాపమీద తెల్లటి బంతి పెట్టి, ఇనుప మూతి ఉన్న కర్రతో బాదుతున్నాడు పక్కింటి అబ్బాయి. బెంగళూరు కంపెనీలో ఉద్యోగం, రాప్తాడులో ఇంట్లో కూచుని పని.

"గోల్ఫ్ మామా. ప్రాక్టీసు చేస్తాండా" అన్నాడు.

రాప్తాడులో గోల్ఫ్! గోల్కొండలో నయా ఖిల్లా గోడల మధ్య ఆడతారంటే సరే. విశాఖ ఈస్ట్ పాయింట్‌లో ఆడతారంటే సరే. బెంగళూరు గోల్ఫ్ క్లబ్బుకైతే 1876 నుంచీ చరిత్ర ఉంది. వేరుశనగ పీకేసిన చేనులో, మేకలు ఎండు ఆకు ఏరుకునే చోట గోల్ఫ్ ఏమిటి?

ఈ కాలమ్ వదలకుండా చదివేవాళ్ళకు నా పగలు కొత్త కాదు. నీళ్ళు తాగే పచ్చిక మీద ఒక పగ, ఫోన్‌లో చెప్పే పాఠాల మీద ఇంకో పగ. మొదటిదాన్ని బయటికి తీద్దామని నోరు తెరిచాను. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే దేవుడికి దండం పెట్టుకునే జిల్లా మనది. ఆట కోసం గడ్డి పెంచి, ఆ గడ్డికి బోరు నీళ్ళు పెట్టే ముచ్చట మనకెందుకని అడగబోయాను. కానీ ఆ అబ్బాయి చుక్క నీరు వాడలేదు. చాప ప్లాస్టిక్, వల నైలాన్. నా ఉపన్యాసం నోట్లోనే ఉండిపోయింది.

రెండో పగకు మాత్రం మేత దొరికింది. మూడుకాళ్ళ స్టాండ్ మీద ఫోన్. ప్రతి దెబ్బనూ వీడియో తీసి, నెమ్మదిగా తిప్పి, తన మోచేతి మీద గీత గీసి, పక్కన ఎవరో విదేశీ ఆటగాడి మోచెయ్యి పెట్టి పోల్చుకుంటున్నాడు. "ఈడ తియ్యగా తగుల్తాంది మామా. ఆదివారం బెంగళూరు పోయి ఆడితే మాత్రం బంతి కుడిపక్కకు తిరుక్కోని చెట్లలోకి పోతాంది. ఇంకా కొట్టాల, ఇంకా కొట్టాల" అన్నాడు. పొద్దుగూకేదాకా బకెట్లకు బకెట్లు బంతులు కొడుతున్నాడు, ఒకే కర్రతో, ఒకే చోట నిలబడి, అదే వలలోకి.

ఆ అబ్బాయి బాధలో న్యాయం ఉంది. ఈ ఆటలో లెక్కలు చాలా కఠినం. కర్ర మూతికీ బంతికీ మధ్య స్పర్శ సెకనులో రెండువేలో వంతు మాత్రమే. ఆ క్షణంలో మూతి ఒక్క డిగ్రీ పక్కకు చూసి బంతి ఆ దారినే పోయిందంటే, 200 గజాలు దాటేసరికి గురికి మూడున్నర గజాల అవతల ఉంటుంది. చివరికి దాన్ని దించాల్సిన గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. ఇంత తక్కువ సమయంలో బుర్ర చేతికి సలహా చెప్పలేదు. మరి మిగిలిన దారేమిటి? చెయ్యి తిరగాలి. తనంతట తాను తిరిగేదాకా అదే పని చేస్తూ పోవాలి. వేము తీపెక్కే సంగతి మన కదిరి వైపు వేమన ఎప్పుడో చెప్పి పోయాడు. ధర్మవరం మగ్గాల గురించి రాసినప్పుడల్లా నేను చెప్పిందీ ఇదే: చేసిందే చెయ్యి, చేస్తూనే ఉండు. ఈసారీ అదే పాట అందుకుంటాడులే అని మీరు పేజీ తిప్పబోతున్నారేమో, ఒక్క నిమిషం ఆగండి. ఆ అబ్బాయి కర్రను భుజం మీదుగా వెనక్కి తీసి తిప్పుతుంటే నాకు మా జేజినాయన వడిసెల గుర్తొచ్చింది.

వడిసెల పేరే వినని పిల్లలు ఇప్పుడు ఇంటింటా ఉన్నారు కాబట్టి చెప్పాలి. జనుము నారను తొడమీద పేని తాడు చేస్తారు. నడిమధ్య అరచేతి వెడల్పున అల్లిక, రాయి కూచునే చోటు అదే. తాడు ఒక కొసన ఉంగరంలాంటి ముడి, అది వేలికి తొడుక్కోవాలి. రెండో కొసన చిన్న ముడి, అది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిగించాలి. నెత్తిమీద ఒక్క చుట్టు తిప్పి చిన్న ముడి వదిలితే, ఛట్టుమని తాడు పలుకుతుంది, రాయి పోతుంది. ఎప్పుడు వదలాలన్నదే విద్యంతా. రెప్పపాటు ముందు వదిలితే ఒక పక్కకు, రెప్పపాటు ఆలస్యమైతే ఇంకో పక్కకు. నేర్చుకునేవాడి రాయి వెనక్కి పోయి వెనకున్నవాడి నుదురు పగలగొట్టిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే నేర్చుకునేవాణ్ణి మంచె ఎక్కనివ్వరు.

మాకు అప్పుడు జొన్న ఎక్కువ. కంకి పాలుపోసుకునే రోజుల్లో తెల్లవారకముందే పిట్టలు గుంపులుగా దిగేవి. పిచ్చుకలు కొంత నయం. చిలకలైతే తినేదానికంటే తుంచి పారేసేదే ఎక్కువ. నాలుగు గుంజల మంచె మీద జేజినాయన. నేను బీడులో, చేతినిండా రాళ్ళతో.

ఆయన నేర్పిన తీరు ఇప్పుడు తలచుకుంటే వింతగా ఉంటుంది. తంగేడు చెట్టుకు గురిపెట్టి కొట్టమనేవాడు. తగలకపోతే, తగిలేదాకా అక్కడే కొడదామని నాకు పంతం. ఆయన కొట్టనిచ్చేవాడు కాదు. "చాల్లే, ఇప్పుడు ఆ పుట్ట". పుట్టకు ఒకటి పడగానే "ఆ గట్టు మీది బండ". తర్వాత దగ్గరున్న రేగుకంప. రాళ్ళు కూడా ఒక సైజువి ఏరుకోనిచ్చేవాడు కాదు. ఒకటి నిమ్మకాయంత, తర్వాతిది చింతగింజకు కొంచెం పెద్దది. చెయ్యి ఎలా పెట్టాలి, మోచెయ్యి ఎంత వంచాలి అన్న మాట ఆయన నోటినుంచి ఒక్కసారి కూడా రాలేదు.

వచ్చేది ఒకే ప్రశ్న. "రాయి యాడ పడిందిరా?"

అది కూడా రాయి పడ్డాక అడిగేది కాదు. ముడి వదిలీ వదలకముందే అడిగేవాడు. రాయి గాల్లో ఉండగానే నేను జవాబు చెప్పాలి: పుట్టకు ఎడమన, రెండు బారలు అవతల. ఆ తర్వాత ఎర్రమట్టిలో దుమ్ము లేచేది. నేను చెప్పిన చోటికీ దుమ్ము లేచిన చోటికీ ఎంత తేడా ఉందో ఇద్దరం చూసేవాళ్ళం. పుట్టకు తగిలి, నేను చెప్పింది తప్పయితే ఆయనకు సంతోషం ఉండేది కాదు. పుట్టకు తగలకపోయినా నేను చెప్పిన చోటే పడితే "ఊఁ" అనేవాడు. పుట్ట తప్పిపోయినప్పుడు ఎందుకు మెచ్చుకుంటున్నాడో, తగిలినప్పుడు ఎందుకు మొహం చిట్లిస్తున్నాడో ఆ వయసులో నాకు అర్థమయ్యేది కాదు.

ఇంకో సంగతి. మంచె ఎక్కాక పిట్టను కొట్టకూడదు. రాయి గుంపు మీదుగా పోయి అవతల పడాలి, గుంపు లేచి ఇటు తిరిగి చేను దాటి పోవాలి. గుంపుకు ఇవతల పడితే పిట్టలు చేను నడిమధ్యకు దూరతాయి. ఒక పిట్టను చంపి మిగతావాటిని చేన్లోకి తోలినవాణ్ణి మంచిగురి గలవాడని ఎవరూ అనరు.

చదువురాని మనిషి బీడులో చేసిన ఈ పనినే 1978లో కెర్, బూత్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలతో చేయించి చూశారు. చిన్న గుడ్డ సంచులను గురికి విసరడం పని. ఎనిమిదేళ్ళ పిల్లల్లో ఒక జట్టు ఎప్పుడూ మూడడుగుల దూరం నుంచే విసిరింది. రెండో జట్టు రెండడుగుల నుంచి, నాలుగడుగుల నుంచి విసిరింది, మూడడుగుల జోలికి పోలేదు. చివర అందరికీ పరీక్ష మూడడుగుల దూరం నుంచి పెట్టారు. మూడడుగుల దగ్గరే అరగదీసిన జట్టు కంటే, ఆ దూరాన్ని ముట్టుకోని జట్టే బాగా విసిరింది.

1920లలో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టైన్ అనే శాస్త్రవేత్త సమ్మెట కొట్టే పనివాళ్ళ చేతులకు చిన్న దీపాలు కట్టి ఫొటోలు తీశాడు. చెయ్యి తిరిగిన పనివాడి సమ్మెట ప్రతిసారీ దాదాపు అదే చోట పడింది. కానీ భుజం, మోచెయ్యి, మణికట్టు పోయిన దారి మాత్రం దెబ్బదెబ్బకూ మారింది. అంటే పనివాడు ఒకే దెబ్బను మళ్ళీ మళ్ళీ కొట్టడం లేదు. చేరాల్సిన చోటికి ప్రతిసారీ కొత్త దారి వెతుక్కుంటున్నాడు. మరి ఫోన్‌లో గీత గీసి పట్టుకోవాలనుకునే ఆ 'అదే స్వింగ్' ఎక్కడుంది? 1999లో గోల్ఫ్ మీదే ఇంకో ప్రయోగం జరిగింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళలో కొందరిని తమ చేతుల కదలిక గమనించమన్నారు, కొందరిని కర్ర కదలిక గమనించమన్నారు. కర్రను గమనించినవాళ్ళ బంతులే గురికి దగ్గరగా పడ్డాయి.

బ్రాడ్‌మన్ కథ క్రికెట్ పిచ్చి ఉన్న మన ఊళ్ళో అందరికీ తెలుసు. బౌరల్‌లో ఇంటి వెనక, బ్యాటుకు బదులు స్టంపు, క్రికెట్ బంతికి బదులు గోల్ఫ్ బంతి. అది విన్నప్పుడల్లా అతని పట్టుదల గురించే మాట్లాడతాం. బంతిని ఏ గోడకు కొట్టాడో పట్టించుకోం. అది నీళ్ళతొట్టి కింద కట్టిన గుండ్రటి ఇటుక దిమ్మె. గుండ్రటి గోడకు తగిలిన బంతి ఏ రెండుసార్లూ ఒకేలా తిరిగిరాదు. ఆ పిల్లాడు కొట్టిన ప్రతి దెబ్బకూ గోడ ఒక కొత్త జవాబు చెప్పింది. వల ఏం చెబుతుంది? బంతి ఏ చెట్లలోకి పోబోతోందో బయటపడకముందే దాన్ని పట్టి కింద పడేస్తుంది. 'తియ్యగా తగిలింది' అన్న చేతి మాటను కాదనేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

గోల్ఫ్‌లో మనవాడంటూ చెప్పుకోవాలంటే ఇప్పుడు సాహిత్ తీగల ఉన్నాడు. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళు, అతను కాలిఫోర్నియాలో పెరిగాడు. వెన్నెముకలో కొంచెం వంపు ఉంది. స్వింగ్ పుస్తకంలో బొమ్మకు సరిపోదు. మోచేతి గీతల లెక్కన అయితే అతను ఇంట్లో కూచోవాలి. 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు, పీజీఏ టూర్‌లో అది అతని మొదటి గెలుపు. కానీ నేను అతని గురించి చెప్పదలిచింది ఆ గెలుపు కాదు.

మరుసటి ఏడాది అట్లాంటాలో టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండ్. బంతి ఇసుక గుంతలో పడింది. దెబ్బ కొట్టేముందు కర్ర వెనక్కి తీసేటప్పుడు ఇసుకను తాకకూడదన్నది నిబంధన. కర్రకు నాలుగు రేణువులు తగిలినట్టు అతనికి అనిపించింది. ఇంకెవరూ పట్టుకోలేదు. తనే రిఫరీని పిలిచి చెప్పాడు. రెండు స్ట్రోకుల శిక్ష పడింది. ఆట ముగిసేసరికి మూడో స్థానం, రెండో స్థానంలో ఉన్న మోరికావాకు సరిగ్గా రెండు స్ట్రోకుల వెనక. రెండో స్థానానికి కోటీ పాతిక లక్షల డాలర్లు, మూడో స్థానానికి 75 లక్షలు.

అందరూ దీన్ని నిజాయితీ అని మెచ్చుకున్నారు. నేనూ కాదనను. కానీ నా కంటికి అందులో సాధన కూడా కనబడుతోంది. కర్ర వెనక్కి పోతున్నప్పుడు దాని మూతి దగ్గర ఏం జరిగిందో తెలిసిన మనిషి అతను. ఏళ్ళ తరబడి ప్రతి దెబ్బనూ 'యాడ తగిలింది, యాడ పడింది' అని తనను తాను అడిగి, వచ్చిన జవాబును దాచకుండా ఒప్పుకున్నవాడికే ఆ ఎరుక వస్తుంది. అది లేనివాడికి అబద్ధం చెప్పే అవసరం కూడా రాదు, ఎందుకంటే వాడికి ఆ రేణువులే తెలియవు.

కాబట్టి సాధన గురించి ఇన్నాళ్ళూ నేను పాడిన పాటకు ఒక చరణం కలపాలి. చేసిందే చెయ్యడం సాధన కాదు. చేసినదాని ఫలితాన్ని ముందు ఊహించి, తర్వాత చూసి, రెండింటికీ మధ్య తేడాను కొలుచుకోవడం సాధన. ధర్మవరం మగ్గం మీద పోగు తెగితే తప్పు అప్పుడే కంటికి కనబడుతుంది. అందుకే అక్కడ చేస్తూ పోతే విద్య వస్తుంది. తప్పును దాచేసే చోట ఎన్ని బకెట్లు కొట్టినా భుజం నొప్పి తప్ప ఏమీ రాదు.

ఇక నీళ్ళ విషయంలో నా తీర్పు వింటే నన్ను ఎరిగినవాళ్ళు నవ్వుతారు. గోల్ఫ్ గురి నేర్చుకోవడానికి రాప్తాడు బీడును మించిన చోటు లేదు. పచ్చిక మీద పడ్డ బంతి మెత్తగా దొర్లి, ఎక్కడ పడిందో మరిపించి, మంచి చోట ఆగి నిన్ను మోసం చేస్తుంది. ఎర్రమట్టి మోసం చెయ్యదు, పడ్డ చోటే దుమ్ము లేపుతుంది. మేకలూ మనుషులూ లేని పొద్దు చూసుకుని, పొట్టి దూరాలకు, దెబ్బకో గురి, దెబ్బకో కర్ర మార్చి కొట్టాలి. వలకూ ఫోన్ స్టాండుకూ పెట్టే డబ్బుతో పాత బంతులు కొనుక్కోవచ్చు. కొన్ని పోతాయి, పోనీ. పోయిన బంతిని వెతకడానికి నడిచేటప్పుడు గురి ఎంత తప్పిందో కాళ్ళకు కూడా తెలుస్తుంది. ఆ నడక ఫోన్ పాఠాల్లో లేదు.